అప్ గారికీ, వారి అన్నదమ్ములకూ ఒక అర్జీ

మహారాజశ్రీ అప్ గారికి, వారి తోడబుట్టినవారు డౌన్, ఆన్, ఆఫ్, ఇన్, ఔట్ గార్లకు,

టెక్సాస్‌లో, డల్లాస్ పక్కన కాపురముంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది. మీరంతా అక్కడ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమంగా లేము. కారణం మీరే.

అప్ గారూ, ఇంతమందిలో ఉత్తరం మీ పేరనే ఎందుకు మొదలుపెట్టానంటే, మీ పేరు కాస్త సాగదీసి పలికితే మా భాషలో అప్పు అవుతుంది. తీసుకునేటప్పుడు తేలిక, తీర్చేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి. మీరూ అంతే. ఇంగ్లీషు క్రియ వెనక తోకలా తగులుకునే రెండే అక్షరాలు. చూస్తే పాపం, పసిపిల్లాడు కూడా పలికేలా ఉంటారు.

నన్ను మీరు ఎరగరు. శనివారం పొద్దున పదింటికి మా ఊరి లైబ్రరీలో, పిల్లల పుస్తకాల గది పక్కన గుండ్రబల్ల దగ్గర కూర్చుని, స్పానిష్ మాట్లాడేవాళ్ళకు డబ్బు తీసుకోకుండా ఇంగ్లీషు చెప్పేవాణ్ణి నేనే. మెక్సికో, హోండురాస్, వెనెజువెలాల నుంచి వచ్చినవాళ్ళు ఎనిమిది తొమ్మిదిమంది ఉంటారు. ఇళ్ళకు కప్పులు వేసేవాళ్ళు, హోటల్లో గదులు సర్దేవాళ్ళు. ఒక ముసలాయనైతే మనవరాలితో మాట్లాడుకోవడానికని వస్తాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివినవాడు స్పానిష్ వాళ్ళకు ఇంగ్లీషు చెప్పడమేమిటని మా ఆవిడ నవ్వుతుంది. ఈత రానివాడు గట్టు మీద నిలబడి 'కాళ్ళాడించండి, కాళ్ళాడించండి' అని అరిచినట్టుందట. నిజమే అనుకోండి. కానీ గట్టు మీదున్నవాడికి ఎవరెక్కడ మునుగుతున్నారో బాగా కనపడుతుంది.

మునిగేది వ్యాకరణంలో అనుకున్నాను మొదట్లో. మా చిన్నప్పుడు రాముడు రావణుణ్ణి చంపెను, రావణుడు రామునిచే చంపబడెను అని కర్తరి కర్మణి తిరగేసి తిరగేసి రాయించేవారు కదా, అదే తెచ్చి వీళ్ళకు పెట్టాను. చేతులు దులుపుకున్నంత తేలిగ్గా చేసేశారు. వాళ్ళ భాషలో ఒక్కొక్క క్రియకు నేను, నువ్వు, వాడు, మేము, మీరు, వాళ్ళు అని కాలానికి ఆరేసి రూపాలు. ఇంగ్లీషు క్రియ చివర ఒక్క 'ఎస్' తగిలించడం వాళ్ళకు ఒక లెక్కా? (ఆ ఒక్కదాన్నీ మాత్రం ప్రతివాళ్ళూ మర్చిపోతారు. అది వేరే ఉత్తరం.) పలకడంలో మాకూ వాళ్ళకూ దగ్గరి చుట్టరికం కూడా ఉంది. వాళ్ళ 'త' మన 'త'లాగే పళ్ళకు తగులుతుంది. 'స్కూల్' అనమంటే 'ఎస్కూల్' అంటారు. మా తాతయ్య బతికున్నన్నాళ్ళూ 'ఇస్కూలు' అనే అన్నాడు, ఆయనకు స్పానిష్ రాదు.

మీ సంగతి బయటపడింది మెక్సికోలోని పుయెబ్లా నుంచి వచ్చిన ఒకావిడ వల్ల. హోటల్లో గదులు సర్దుతుంది. మొదటిరోజు పావుగంట ఆలస్యంగా వచ్చి, ఊపిరి తీసుకుని అన్న మాటలు ఇవి: 'ది బస్ కమెన్స్‌డ్ లేట్. ఐ యామ్ ఫెటీగ్డ్.' పాతకాలపు హైకోర్టు జడ్జిగారు ఎవరో చేతిలో టిఫిన్ డబ్బాతో వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది. ఇంత ఇంగ్లీషు వచ్చినావిడకు నేనేం చెప్పను? సరేనని, 'హ్యాంగ్ ఆన్, లెట్ మి సెట్ అప్ ది చెయిర్స్' అన్నాను, అంటే కాస్త ఆగండి, కుర్చీలు సర్దనివ్వండి అని. ఒక్క ముక్క అర్థం కాలేదు. హ్యాంగ్ అంటే ఉరి అని తెలుసు. ఇంగ్లీషు క్లాసుకొస్తే ఉరితీస్తానంటాడేమిటి వీడని బిత్తరపోయి చూసింది.

అప్పుడు బోధపడింది, అయ్యా, మీ ఇంటి భాగోతం. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు ఇంగ్లండుకు వచ్చి కూర్చున్నాక దాదాపు మూడొందల ఏళ్ళు దర్బారు మాట ఫ్రెంచి, పొలం మాట ఇంగ్లీషు. కమెన్స్ లాంటివన్నీ దర్బారులో దిగిన మాటలు. ఆ తర్వాత పండితులు లాటిన్ నుంచి మరికొన్ని బస్తాలు దింపుకున్నారు. మీరేమో పేడకళ్ళెత్తేవాళ్ళ నోట్లో మిగిలిపోయారు. మీతో జతకట్టే గెట్, టేక్ అంతకు ముందే వైకింగుల పడవల్లో వచ్చిపడ్డ బాపతు. తొమ్మిదొందల ఏళ్ళు గడిచినా డాబుగా మాట్లాడాలంటే కమెన్స్, ఇంట్లో మాట్లాడాలంటే స్టార్ట్. కానీ పుయెబ్లా బజారులో టమాటాలమ్మే మనిషి కూడా 'కొమెన్సార్' అనే అంటుంది. అక్కడ అది పండితుల మాట కాదు, పాలమనిషి మాట. అంటే మా శనివారం విద్యార్థులకు మీ దొరల ఇంగ్లీషు పుట్టుకతోనే సగం వచ్చు. రానిది మీ పాలేళ్ళ ఇంగ్లీషు. టాలరేట్ తెలుసు, 'తొలెరార్' కనుక. పుట్ అప్ విత్ తెలియదు. పోస్ట్‌పోన్ తెలుసు, పుట్ ఆఫ్ తెలియదు. ఇన్వెస్టిగేట్ తెలుసు, లుక్ ఇంటూ తెలియదు. ఎక్స్‌టింగ్విష్ అనే మాట నేను ఇరవయ్యేళ్ళ వయసులో గానీ తప్పుల్లేకుండా రాయలేదు, అది వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. పుట్ ఔట్ అంటే మాత్రం ఏదో తీసి బయట పెట్టమంటున్నారనుకుంటారు.

పెద్దమాటలు అన్నిసార్లూ ఆదుకుంటాయని కాదు. వాటిలోనూ వెన్నుపోటు పొడిచేవి ఉన్నాయి. వాళ్ళ 'ఎక్సితో' అంటే విజయం. మా ముసలాయన లైబ్రరీ తలుపు మీద వెలిగే ఎర్రక్షరాల ఎగ్జిట్ బోర్డు చూపించి, 'ఈ దేశంలో విజయం సాధించాలంటే బయటికి వెళ్ళిపోవాలన్నమాట' అన్నాడు. సరే, అది నవ్వుకునే గొడవ. మీతో పెట్టుకుంటే ఉద్యోగాల మీదికొస్తుంది.

డౌన్ గారూ, మీరు కాస్త ముందుకు రండి. టర్న్ డౌన్ అనే పాఠం చెప్పింది నేనే. టీవీ సౌండు టర్న్ డౌన్ చెయ్యి, ఏసీ టర్న్ డౌన్ చెయ్యి, అంటే తగ్గించు. నోటుపుస్తకంలో బొమ్మ వేసి మరీ రాసుకుంది ఆవిడ. రెండు వారాలకు హోటల్లో సూపర్‌వైజరు చీటీ ఇచ్చింది: ఆరింటికల్లా 214 టర్న్ డౌన్. ఆవిడ శ్రద్ధగా 214కు వెళ్ళి, ఏసీ అరవై డిగ్రీల ఫారన్‌హీట్‌కు దించి, చీటీ మీద టిక్కు పెట్టి వచ్చింది. ఆ గదిలో దిగినవాళ్ళు ముసలి దంపతులు. రాత్రి తొమ్మిదింటికి కిందికి ఫోన్ చేసి, దుప్పట్లు ఇంకో నాలుగు పంపమన్నారు. తర్వాత తేలిందేమిటంటే, పెద్ద హోటళ్ళలో సాయంత్రం పూట పరదాలు మూసి, పక్క మీద దుప్పటి ఒక కొస మడిచి, దిండు మీద చిన్న చాక్లెట్టు పెట్టి వస్తారు. దాన్ని టర్న్ డౌన్ అంటారు. నాకూ తెలియదు. చాక్లెట్టు పెట్టే హోటల్లో నేనెప్పుడు దిగాను కనుక? 'మంచానికి కూడా సౌండు ఉంటుందా, మాయెస్త్రో?' అని అడిగింది శనివారం. మాయెస్త్రో అంటే మన మాస్టారే, రెండూ ఒకే లాటిన్ తల్లి పిల్లలు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ రోజు మాత్రం సిగ్గేసింది.

ఆఫ్ గారిది మరీ అన్యాయం. దీపం గో ఆఫ్ అయితే ఆరిపోయినట్టు. ఫ్యాన్ ఆఫ్ అయితే ఆగిపోయినట్టు. అలారం గో ఆఫ్ అయితే మాత్రం మోగడం మొదలైనట్టు! 'అలారం గో ఆఫ్ అయిన వెంటనే బిల్డింగు ఖాళీ చేయవలెను' అని గోడ మీద రాసుంది. ఫైర్ డ్రిల్లు రోజున ఆవిడ నాలుగో అంతస్తులో తువ్వాళ్ళ బండి పట్టుకుని, చెవులు చిల్లులు పడుతున్నా కదలకుండా నిలబడిందట. గంట ఎప్పుడు ఆగుతుందా, ఎప్పుడు దిగుదామా అని. ఇది తప్పని నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నన్నూ మీరు వదలలేదు లెండి. వచ్చిన కొత్తలో ఒక విందులో చదువు గురించి అడిగితే, కాకినాడలో 2009లో పాస్ ఔట్ అయ్యానని గర్వంగా చెప్పాను. మన దేశంలో అందరం అనేదే కదా. అడిగినావిడ నా చెయ్యి పట్టుకుని, 'ఇప్పుడు ఆరోగ్యం బాగుందా?' అంది. ఇక్కడ పాస్ ఔట్ అంటే కళ్ళు తిరిగి పడిపోవడం. మా సప్లిమెంటరీలు తలుచుకుంటే అందులోనూ అబద్ధం లేదనుకోండి. ఇంకోసారి ఆఫీసులో గడువు ఇంకో వారం కావాలని అడిగితే, మేనేజరు 'ఐ విల్ హావ్ టు పుష్ బ్యాక్ ఆన్ దట్' అన్నాడు. వెనక్కి జరుపుతానంటున్నాడు కదా అని సంబరంగా ఇంటికెళ్ళి పడుకున్నాను. కుదరదంటున్నాడని శుక్రవారం గానీ తెలియలేదు. మధ్యలో మీరు దూరబట్టే కదా, ఆన్ గారూ, ఆ తేడా అంతా?

ఇన్ గారికీ ఔట్ గారికీ విడిగా ఒక మాట. ఫారం ఫిల్ ఇన్ చేసినా, ఫిల్ ఔట్ చేసినా ఒకటేనట. మరి ఇద్దరూ ఎందుకు? ఒకరిని ఇంటికి పంపించకూడదూ? బస్సులో ఉంటే 'ఆన్', కారులో ఉంటే 'ఇన్' ఏమిటి? స్పానిష్ వాళ్ళు రెంటికీ 'ఎన్' అంటారు, మేము రెంటికీ 'లో' అంటాం. ఇన్నాళ్ళలో ఎవరూ బస్సు నెత్తిన ఎక్కి కూర్చోలేదు. (మా ఊరి ఎర్రబస్సు వేరే సంగతి. దానికి 'ఆన్' సరిగ్గా సరిపోతుంది.)

ఇదంతా ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకే రాస్తున్నాను. స్పానిష్ వాళ్ళకైతే అర్జీ పెట్టుకోవడానికి మాడ్రిడ్‌లో ఒక భాషా అకాడమీ ఉంది, 1713 నుంచి. ప్రశ్న ఎక్కడ మొదలవుతుందో చదివేవాడికి తెలియాలని వాక్యం ముందు తలకిందుల ప్రశ్నార్థకం పెట్టమని 1754లో చెప్పిన పుణ్యాత్ములు వాళ్ళు. 2010లో కూర్చుని అక్షరాలు లెక్కపెట్టి ఇరవై ఏడుకు కుదించారు కూడా. ఇంగ్లీషుకూ అలాంటి అకాడమీ పెట్టండి మహాప్రభో అని గలివర్ కథ రాసిన జోనథన్ స్విఫ్ట్ ఆ మాడ్రిడ్ అకాడమీకి సరిగ్గా ఒక ఏడాది ముందు, 1712లో, మొరపెట్టుకున్నాడు. వినలేదు ఎవరూ. పెట్టి ఉంటే మిమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పని అప్పగించి ఉండేవాళ్ళు. బదులుగా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు మీ చేష్టలన్నీ ఓపిగ్గా లెక్కరాసుకుంటూ కూర్చున్నారు. రన్ అనే ఒక్క క్రియకు 645 అర్థాలు తేల్చారు. అందులో మీ చేతివాటం ఎంత ఉంటుందో ఊహించుకోగలను.

పోయిన నెల మా పుయెబ్లా ఆవిడ హోటల్లోనే లాండ్రీ సూపర్‌వైజరు పనికి అర్జీ పెట్టింది. అర్జీ నేనే దిద్దాను. దిద్దడానికేముంది, ఎక్స్‌పీరియన్స్, రెస్పాన్సిబిలిటీ, పంక్చువాలిటీ అన్నీ ఆవిడ పుట్టింటి మాటలే. శనివారం వచ్చి కూర్చుని, ఫోన్లో ఏం చెప్పారో చూపించింది. మీ అర్జీ టర్న్ డౌన్ అయిందని, అంటే తోసిపుచ్చామని, చెప్పారట. నేను ఏం చెప్పాలో వెతుక్కుంటుంటే ఆవిడే అంది, 'అంటే ఏమిటి మాయెస్త్రో, కొస మడిచి మీద చాక్లెట్టు పెట్టారా?'

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. తర్వాత నోటుపుస్తకం తీసి, ఏసీ బొమ్మ కింద, మంచం బొమ్మ కింద, మూడో బొమ్మ వేసుకుంది. ఏం బొమ్మో నాకు చూపించలేదు.

వెళ్ళేముందు మాత్రం, మీ భాషలో ఇలాంటి తిరకాసు మాటలు లేవా అని అడిగింది. అబ్బే, మాది అచ్చు తేనె, ఒక మాటకు ఒకటే అర్థం అని కోసేశాను. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వాళ్ళమ్మతో మాట్లాడుతోంది: 'గుళ్ళో కొబ్బరికాయ కొట్టి ఫోన్ కొట్టు. ఇక్కడ ఏం తోచట్లేదు, బోరు కొడుతోంది. ఉండు, పాలు వాసన కొడుతున్నాయి... ఎవరో తలుపు కొడుతున్నారు, మళ్ళీ చేస్తా.' బయట నిలబడి తలుపు కొడుతున్నవాణ్ణి నేనే. తాళం మర్చిపోయాను.

ఈ సంగతి మన మధ్యనే ఉండనివ్వండి. ముఖ్యంగా శనివారాల్లో.

ఇట్లు,
తీరని అప్‌లలో కూరుకుపోయిన
మాయెస్త్రో