ఆగే బండి మీద ఒక అభ్యంతరం

పదహారో నంబరు జాతీయ రహదారిని అయిదో నంబరుగా పిలిచిన రోజుల నుంచి నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్య తిరుగుతున్న మనిషిగా, బ్రేకుల మీద నాకు సొంత పగ ఏదీ లేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. బ్రేకులు ప్రతి బండికీ ఉండవలసినవే. పెళ్లిలో పురోహితుడిలాగా, పంచాయతీలో కార్యదర్శిలాగా అవి ఉన్నాయంటే చాలు, ధైర్యంగా ఉంటుంది. అయితే మా బావమరిది చేసిన పని ఈ మర్యాదను దాటిపోయింది. పనిచేస్తున్నాయని పేరున్న బ్రేకులను, అవి ఇంకా బాగా పనిచేయాలనే దురాశతో, చేతి డబ్బు పెట్టి మార్పించాడు. అంతటితో ఊరుకోక సస్పెన్షన్, అంటే బండిని చక్రాల మీద మోసే స్ప్రింగులూ షాకబ్జర్లూ, కూడా మార్పించాడు. దీని వలన కుటుంబానికీ, వీధికీ, రహదారికీ జరిగిన నష్టాన్ని వివరించడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అతని కారు స్టేషన్ వ్యాగన్. దీనినే ఎస్టేట్ కారని కూడా అంటారు గానీ, నెల్లూరులో ఎస్టేట్ కొన్నాడనగానే ఎన్ని అంకణాల స్థలమని అడిగినవారే ఎక్కువ. డిక్కీ విడిగా పొడుచుకురాకుండా, పైకప్పు తిన్నగా వెనుక తలుపుదాకా సాగే ఈ రకం బళ్లను మన దేశం ఎన్నడూ మనసారా ఆదరించలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తరువాత బలెనో ఆల్టూరా వచ్చింది, 2004లో ఇండిగో మారినా వచ్చింది. వచ్చినవన్నీ చుట్టాల్లాగా కొన్నాళ్లుండి వెళ్లిపోయాయి. అటువంటి జాతికి చెందిన ఒక పాత బండిని, వెనుక సీటు మడిస్తే రొయ్యల మేత బస్తాలు ఎన్ని పడతాయో లెక్కవేసుకుని, మా బావమరిది కొన్నాడు.

మొదటి రెండేళ్లు అతడు సన్మార్గంలోనే నడిచాడు. ఇంజిను కంప్యూటరులో లెక్కలు మార్పించి బలం పెంచాడు. సైలెన్సరు మార్పించి, బుచ్చిరెడ్డిపాళెంలో బండి తీస్తే జొన్నవాడలో తెలిసేటట్టు చేశాడు. పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు బిగించి, వాటికి గాజు మీద గాజు వేసినంత పలుచని టైర్లు తొడిగాడు. చివరగా స్ప్రింగులను గ్రైండరుతో రెండేసి చుట్లు కోయించి బండిని నేలకు దించాడు. ఊరంతా మెచ్చుకుంది, ఇద్దరు పెళ్లికొడుకులు అందులోనే ఊరేగారు. కోసిన స్ప్రింగు పొట్టిదవుతుందన్నది అందరికీ కనిపించే విషయం. చుట్లు తగ్గినకొద్దీ అది మరింత బిరుసెక్కుతుందనీ, పాత స్ప్రింగుకు సరితూగేటట్టు చేసిన షాకబ్జరు ఈ కొత్త బిరుసును అదుపులో పెట్టలేదనీ మాత్రం ఎవరూ అతనికి చెప్పలేదు. పెద్దరికం అంటే అదే. మా అత్తగారు వెనుక సీటులో కూర్చుని, కోవూరు చేరేలోపు మూడుసార్లు తలతో పైకప్పును తాకి కూడా, "బండి బలే హుషారుగా ఉండాదే" అన్నారు తప్ప ఇంకొక మాట అనలేదు.

ఈ ప్రాంతపు సంప్రదాయం కూడా బలం వైపే నిలిచింది. బండలాగుడు పోటీల్లో ఒంగోలు గిత్తల జత ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. లాగిన బండను చెప్పిన గీత దగ్గర నిలిపినందుకు బహుమతి అందుకున్న జతను నేను ఇంతవరకు చూడలేదు. కమిటీవారు అటువంటి విభాగం పెడితే తిరునాళ్లకు జనం రారు.

ఇంత చక్కగా సాగుతున్న జీవితం రాపూరు దాటి చిట్వేలి వైపు పోయే ఘాట్ రోడ్డు మీద మలుపు తిరిగింది. బండిలో అయిదుగురు మనుషులు, వెనుక పొదలకూరు నిమ్మకాయల బస్తాలు ఉన్నాయి. దిగుడులో నాలుగైదు మలుపులు తిరిగేసరికి బ్రేకు పెడల్ మెత్తబడి, ఇంకో మలుపుకు నేలకు అంటింది. ఇటువంటప్పుడు చేయవలసినవి మూడని పెద్దలు చెబుతారు: గేరు దించడం, హ్యాండ్ బ్రేకు లాగడం, పెంచలస్వామికి మొక్కుకోవడం. మూడూ చేశాడు. బండి రోడ్డు పక్కన కంకర కుప్పలోకి ఎక్కి నిలిచింది. ఎవరికీ ఏమీ కాలేదు; కాబట్టి పెంచలకోనకు వెళ్లి మొక్కు తీర్చుకుని ఆ విషయం మరిచిపోవడమే న్యాయం. అతడు మొక్కు తీర్చుకున్నాడు గానీ మరిచిపోలేదు. ఎందుకిలా జరిగిందని చదవడం మొదలుపెట్టాడు. కుటుంబాలు ఇలాగే పాడవుతాయి.

చదివినది తనలో దాచుకుంటే బాగుండేది. ఆదివారం మా ఇంటికి వచ్చి, చేపల పులుసు ముందు కూర్చుని లెక్క చెప్పాడు. మనుషులతో, సామానుతో 1,600 కిలోలు తూగే బండి గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆగితే, దాని పరుగంతా బ్రేకుల్లో వేడిగా మారుతుందట. ఆ వేడితో రెండు లీటర్ల కుండనీళ్లను మరిగే స్థితికి తేవచ్చునట. వేగం 80 నుంచి 120కి పెరిగితే ఆ వేడి ఒకటిన్నర రెట్లు కాదట, రెండుంబావు రెట్లట. ఘాట్ దిగుడులోనైతే మలుపు మలుపుకూ పొయ్యి మీద పొయ్యి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం ఉండగా, తేమ పట్టిన తరువాత అది 155కు పడిపోతుంది. మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కితే అణిగిపోతుంది, అప్పుడు కాలు ఎంత తొక్కినా ఆ బలం చక్రం దాకా చేరదు. సముద్రం గాలి తగిలే మన ఊళ్లలో ఆ ఆయిల్‌ను రెండేళ్లకొకసారైనా మార్చకపోతే ఎట్లా అని నన్ను నిలదీశాడు. నా కారులో ఉన్నది కంపెనీవారు పోసి ఇచ్చిన ఆయిలేనని, పదకొండేళ్లుగా దానికి నేను ఏ లోటూ చేయలేదని చెప్పాను. పులుసు చల్లారిపోయింది.

"అసలు బండిని ఆపేది బ్రేకు కాదు బావా, టైరు" అన్నాడు మళ్లీ.

"అట్టయితే ఈ బ్రేకుల ఖర్చంతా దేనికి రా?"

"బ్రేకు చక్రాన్ని ఆపిద్ది. ఆ టైరు రోడ్డును పట్టుకుంటేనే బండి ఆగిద్ది. టైరును రోడ్డుకు ఆనించి పెట్టేది షాకబ్జరు. గుంతలో ఎగిరిన చక్రానికి ఎంత మంచి బ్రేకు ఉండి ఏం లాభం?"

దీనికి నా దగ్గర జవాబు లేకపోవడాన్ని బట్టి ఇది తప్పుడు వాదమని గ్రహించాను.

ఆ తరువాత ఆటోనగర్‌లో జరిగినదానికి నేను ప్రత్యక్ష సాక్షిని. బ్రేకుల పని అంతా చేయాలనగానే మేస్త్రీ అతని మొహం చూసి, "బండి అమ్మేస్తుండారా సామీ?" అని అడిగాడు. ముందు చక్రాలకు మధ్యలో గాలి ఆడే పెద్ద డిస్కులు, వాటిని పట్టి నొక్కే కొత్త క్యాలిపర్లు, కొత్త ప్యాడ్లు వేయించాడు. పగుళ్లిచ్చిన రబ్బరు గొట్టాలు తీయించాడు. వెనుక కూడా డిస్కులు వేస్తే అందంగా ఉంటుందని మేస్త్రీ చెప్పినా వినలేదు. బ్రేకు తొక్కగానే బరువు ముందుకు వాలి వెనుక చక్రాలు తేలికపడతాయనీ, వెనుక బ్రేకు మితిమీరి బలంగా ఉంటే ఆ చక్రాలే మొదట బిగుసుకుని బండి బొంగరం తిరుగుతుందనీ వాదించి, పాత డ్రమ్ములలోనే కొత్త లైనర్లు వేయించాడు. పైగా వ్యాగన్ బతుకు ఒకరోజు ఖాళీ, ఒకరోజు పది బస్తాలు. అందుకే కొన్ని బళ్లలో వెనుక ఇరుసుకు ఒక కడ్డీ కట్టి, బండి ఎంత అణిగిందో చూసి వెనుక బ్రేకుకు బలం పంచే వాల్వు ఒకటి పెడతారు. స్ప్రింగులు కోసి బండిని దించితే, పాపం ఆ వాల్వు బండి నిండా బరువుందని నమ్మి, ఖాళీ బండికి కూడా బస్తాల బండి బ్రేకు వేస్తుంది. మోసపోయేది మనుషులే అనుకునేవాణ్ని.

గొట్టాల్లో ఎయిర్ తీసే పనిలో పెడల్ తొక్కే బాధ్యత నా మీద పడింది. "తొక్కు బావా... పట్టుకో... ఇంక వదులు" అంటూ గంటసేపు నా చేత చేయించిన వ్యాయామాన్ని ఏ డాక్టరూ రాసివ్వలేదు. సస్పెన్షన్ వంతు వచ్చేసరికి ఊరు మెచ్చిన కోత స్ప్రింగులు పాత ఇనుములోకి పోయాయి. వాటి స్థానంలో పూర్తి ఎత్తున్న స్ప్రింగులు, వెనుకవి బస్తాలకు తగినట్టు కాస్త గట్టివి, వాటికి సరిపడే షాకబ్జర్లు, కొత్త బుష్‌లు, బాల్ జాయింట్లు వచ్చాయి. పెద్ద చక్రాలు కూడా అమ్మేసి, మందపాటి టైర్లున్న చిన్న చక్రాలు వేయించి, వీల్ అలైన్‌మెంట్ చేయించాడు. ఎంతైందన్నదానికి భార్యకు చెప్పిన లెక్క ఒకటి, నాకు చెప్పినది ఇంకొకటి. రెండూ కలిపితే నిజానికి దగ్గరగా వస్తుందని నా అనుమానం. ఇంత ఖర్చుకూ బయటికి కనిపించేది సున్న. క్యాలిపర్లకు ఎర్రరంగు అయినా వేయించమని బతిమాలాను, వినలేదు.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నమోదు చేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానానో, ఆరు నెలల వరకు జైలో, రెండూనో రాసిపెట్టింది. సైలెన్సరు, చక్రాలు, కోసిన స్ప్రింగులు అని వేళ్లు మడిచి లెక్కపెట్టాను. పదకొండేళ్లుగా మార్చని ఆయిల్‌ను ఏ వేలు కింద వేయాలో తెలియక లెక్క అక్కడే ఆపాను.

ఇక వీధి సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో బండి సుఖంగా దాటేటట్టు ఉండాలి. మా వీధి మొదట్లో ఉన్నదాన్ని నేనే టేపు పెట్టి కొలిచాను: ఎత్తు 17 సెంటీమీటర్లు, వెడల్పు రెండడుగులు. ఎత్తులో ఔదార్యం, వెడల్పులో పొదుపు. దించిన బండి ఉన్న రోజుల్లో దాని పొట్ట అక్కడ గీసుకునే చప్పుడు వినగానే మా బావమరిది భార్య స్టవ్ మీద అన్నం వేడిపెట్టేది. ఇప్పుడు అతడు ఎప్పుడు వచ్చాడో తెలియక చల్లటి అన్నం తింటున్నాడు.

అన్నిటికన్నా పెద్ద నష్టం రహదారిది. మన రోడ్ల మీద ఒక పాత ఒడంబడిక ఉంది: ముందు బండి ఆగదు, వెనుక బండికి ఆగవలసిన అవసరం రాదు, మధ్యలో ఏదైనా వస్తే హారను దాన్ని తొలగిస్తుంది. గ్రానైటు దిమ్మెలతో వచ్చే లారీ మొదలు ముగ్గురెక్కిన మోపెడ్ వరకు అందరూ ఈ నమ్మకం మీదనే బతుకుతున్నారు. పోయిన నెల సింగరాయకొండ దాటాక డివైడర్ సందులో నుంచి ఒక దూడ రోడ్డు మీదికి వచ్చింది. మా బావమరిది హారను కొట్టలేదు. బ్రేకు తొక్కాడు. బండి పక్కకు జరగకుండా, ముక్కు నేలకు దించకుండా, గీసిన గీతలాగా దూడకు రెండు బారల దూరంలో నిలిచింది. దూడ వెళ్లిపోయింది. వెనుక వస్తున్న కారు మాత్రం, ఒడంబడికను నమ్ముకుని, మా వెనుక తలుపులోకి వచ్చింది.

గాయాలు లేవు గనుక పంచాయితీ అక్కడే, టీ కొట్టు దగ్గర జరిగింది. వెనుక కారాయన ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "దేనికి ఆపావయ్యా?" చేరిన పదిమందిలో ఎవరికీ ఈ ప్రశ్నలో తప్పు కనిపించలేదు. వయసులో పెద్దవాణ్ని గనుక నన్ను తీర్పు చెప్పమన్నారు. బంధుత్వం పక్కన పెట్టి, చెప్పకుండా ఆగినవాడిదే తప్పని చెప్పాను. ఆయన లైటు డబ్బులు కూడా మేమే ఇచ్చాము.

తిరిగి వచ్చాక, ఇకముందు చెప్పి ఆగుతానని, కొత్తగా వేయించిన వెనుక తలుపు మీద ఎర్ర అక్షరాలతో "జాగ్రత్త, ఈ బండి ఆగును" అని రాయించడానికి పూనుకున్నాడు. అక్షరాలు రాసే ఆయన కాగితం చదివి, కుంచె రంగులో ముంచబోయి ఆగి, మా ఇద్దరి మొహాలూ చూసి అడిగాడు: "'ఆగదు' అని గదా సామీ రాయాల్సింది?"