నీడ ఎవరిది?

(స్థలం: నల్లగొండ పక్కన పానగల్లు. కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం, మండపం మెట్లు. మామ నల్లగొండలో నలభై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. ఇప్పుడు పాస్‌పోర్ట్ ఫోటోలు, ఫ్లెక్సీలే ఎక్కువ. మేనకోడలు సైకాలజీ చదివి మహబూబ్‌నగర్‌లో స్కూల్ కౌన్సెలర్‌గా చేస్తోంది. గొడవంతా ఒక పెళ్లిచూపుల ఫోటో గురించి. మామ తీసిన ఆ ఫోటో చూసి మిర్యాలగూడ సంబంధం వాళ్లు "పిల్ల కళ్లలో పొగరుంది" అని తిప్పి పంపారు. కార్లో మొదలైన వాదన గుడి దాకా వచ్చింది.)

మామ: పొగరు ఎక్కడుంది బిడ్డా? ఆ పిల్ల కళ్లలో ఉన్నది దిగులు. పుట్టిల్లు వదిలిపోవాలె గదా అన్న దిగులు. నలభై ఏళ్లు లెన్స్ వెనక నిలబడ్డోణ్ని, నాకు తెల్వదా?

కోడలు: వాళ్లకు పొగరు కనిపించింది, నీకు దిగులు కనిపించింది. ఫోటో మాత్రం ఒక్కటే. మరి ఆ రెండూ ఎక్కడి నుంచి వచ్చినయి మామా?

మామ: వాళ్లది కామెర్ల కన్ను. నాది కెమెరా కన్ను.

కోడలు: ఎదుటోళ్లకు కామెర్లు, మనకు మాత్రం నిఖార్సైన చూపు! ప్రతి ఒక్కరూ అనుకునేది అదే. మా సైకాలజీలో ప్రొజెక్షన్ అంటే ఏంది? మన లోపలిదాన్ని మనదని గుర్తుపట్టక, ఎదుటి ముఖానికి అంటగట్టి, అక్కడే ఉందని నమ్మడం. అనుమానపు జబ్బు గురించి రాస్తూ మనసు జబ్బుల డాక్టర్ ఫ్రాయిడ్ 1890లలోనే ఈ సంగతి పట్టుకున్నాడు.

మామ: ఫ్రాయిడ్ దాకా ఎందుకు? తాడును చూసి పామనుకున్న కథ మన దగ్గర లేదా?

కోడలు: ఉంది. కానీ అందులో దీపం తెస్తే పాము పోతుంది. ఇక్కడ దీపం తెచ్చినా పోదు, ఎందుకంటే దీపం పట్టుకున్నోడి చేతిలోనే పాముంది. మన మాటే చూడు, 'ఆరోపణ'. ఒకరి మీద నింద వేయడాన్నీ, లేనిదాన్ని ఒకదాని మీద మోపడాన్నీ ఆ ఒక్క మాటతోనే అంటాం.

మామ: మాటలు బానే నేర్చినవు. రుజువు చెప్పు.

కోడలు: సుమారు వందేళ్ల కింద రష్యాలో కులెషోవ్ అనే సినిమా డైరెక్టర్ ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ఒకే షాట్ తీసుకొని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఆడమనిషి షాట్ అతికించాడట. చూసినవాళ్లు ఆకలి, దుఃఖం, కోరిక ఎంత బాగా నటించాడో అన్నారట.

మామ: 'అట', 'అట'. ఆ రీలు ఇప్పుడు చూడొచ్చా?

కోడలు: ...లేదు. దొరకడం లేదు. 1992లో అట్లాంటిదే మళ్లీ చేసి చూసినవాళ్లకు ఆ ఫలితం రాలేదు కూడా. తర్వాత వేరేవాళ్లకు వచ్చింది.

(ఒప్పుకోవడం ఆమెకు కష్టంగానే ఉంది. అయినా దాచలేదు, ఆ మేరకు మెచ్చుకోవాలి.)

మామ: సరే, సిరా మరకలు చూపిస్తారు కదా మీవాళ్లు, దాని సంగతేంది?

కోడలు: రోర్షాక్ కార్డులు. స్విట్జర్లాండ్ డాక్టర్, 1921లో అచ్చువేశాడు. మొత్తం 10 కార్డులు. 'ఇది ఏమై ఉండొచ్చు?' అని అడుగుతారు. మరకలో ఏమీ లేదు గనుక, చెప్పిందంతా చెప్పినోడిదే అని జనం అనుకుంటారు.

మామ: నిజంగా ఏమీ ఉండదా?

కోడలు: ఉంటుందనుకో. ఐదో కార్డులో చాలామందికి గబ్బిలమో సీతాకోకచిలుకో కనిపిస్తుంది.

మామ: దొరికినవు! అందరికీ గబ్బిలమే కనిపిస్తే గబ్బిలం ఆకారం మరకలోనే ఉన్నట్టు. మరకకే అంత ఉంటే ముఖానికి ఎంత ఉండాలె? మరక లోపల మనిషి లేడు బిడ్డా. ముఖం లోపల ఉన్నాడు. స్టూడియోకు వచ్చినోళ్లు సగం మంది ఫోటో చూసి 'ఇది నేను కాదు' అంటారు. పక్కనున్న భార్యేమో 'అచ్చం నువ్వే' అంటుంది. అది కూడా ప్రొజెక్షనేనా?

కోడలు: కాదు. అది అలవాటు. మనకు తెలిసిన మన ముఖం అద్దంలోది, కుడిఎడమలు తిరగబడ్డది. 1977లో అమెరికాలో పరీక్షించారు: మనుషులకు తమ అద్దపు ముఖం నచ్చింది, వాళ్ల స్నేహితులకు అసలు ముఖం నచ్చింది.

మామ: మరి అన్నిటికీ ఒకటే మందు రాయకు.

కోడలు: రాయను. ఈ ఫోటోకే రాస్తున్న. ఆ పిల్లను మొన్న నేను కలిసిన. ఆరోజు పొద్దున్నే దవడ పన్ను పీకించుకొని వచ్చిందట. ఫోటో దిగేటప్పుడు దవడలో దూది ఉంది. నోరు బిగపట్టింది అందుకు.

(మామ జేబులోంచి ఫోటో తీసి ఎండకు పట్టాడు. పసుపు పట్టుచీర. ఎడమ బుగ్గ కొద్దిగా ఉబ్బింది. ఒకసారి చెప్పాక అది తప్ప వేరేది కనిపించదు.)

మామ: దూది దవడలో ఉంది. నేను చూసింది కళ్లు.

కోడలు: నీ బిడ్డ, మా వదిన, మొన్న ఉగాదికి అత్తారింటికి పోయింది కదా మామా. నువ్వు ఈ ఫోటో తీసింది ఆ తర్వాతి వారం.

(చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. గర్భగుడి ముందు ఎవరో గంట కొట్టారు.)

మామ: ఇందాక నుంచి నన్ను పేషెంట్ లెక్క చూస్తున్నవు. సరే, నాదొక సంగతి విను. వెనకట పట్నం నుంచి ఒకాయన కెమెరా వేసుకొని వస్తే మర్రిగూడ దిక్కు తీసుకపోయిన. ఫ్లోరైడ్‌తో నడుము వంగిన ఒక పెద్దమనిషి. గంటసేపు మేకల గురించి చెప్పుకుంటూ నవ్విండు. ఫోటోలన్నిట్లో నవ్వే. ఒక్కదాంట్లో ఎండ కొట్టి కళ్లు మూసుకున్నడు. అచ్చైంది ఆ ఒక్కటే, కింద 'కన్నీటి బతుకు' అని. ఇది మనసు లోపలి గడబిడ కాదు బిడ్డా, వ్యాపారం.

కోడలు: తెలిసి చేస్తే అబద్ధం, నువ్వన్నట్టు వ్యాపారం. కానీ ఆయన ఇంట్ల బయలుదేరేటప్పుడే నల్లగొండ అంటే కన్నీళ్లని అనుకొని వచ్చినట్టున్నడు. నవ్వు కళ్ల ముందున్నా ఆయనకు ఆనలేదు. పాలమూరు అనంగనే లేబర్ అనుకునేటోళ్లను నేను రోజూ చూస్తున్న.

మామ: కావచ్చు. కానీ ఒకటి చెప్పు. ఆ ముసలాయన వచ్చి 'నన్ను తప్పుగా చూపించిండ్రు' అంటే, అది కూడా నీ మనసులోదే తాతా అంటవా? ఈ మాట పట్టుకుంటే ఎవ్వడు మొరపెట్టినా నోరు మూయొచ్చు.

కోడలు: ...మూయించిన మామా. నేనే.

మామ: ఏంది?

కోడలు: వెనకటి స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్ల, ఒక సారు చూపు బాగలేదని చెప్పింది. ఆ పిల్ల తండ్రి తాగి కొడతాడని ఫైల్లో ఉంది. తండ్రి మీది భయాన్ని సారు మీద వేస్తోందని రాసిన. రెండు నెలలకు ఇంకో ఇద్దరు పిల్లలు అదే చెప్పిండ్రు.

(మామ ఏమీ అనలేదు. నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు.)

కోడలు: ఆ పిల్ల సరిగ్గానే చూసింది. తప్పు చూసింది నేను. ఫైల్లో చదివిందే ముఖం మీద చదివిన.

మామ: దా, లోపలికి పోయి చూసొద్దాం, రష్ తగ్గింది.

(లింగం వెనక గోడ మీద నీడ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే నిలుస్తుందంటారు, చూడటానికి ఒక్క స్తంభం నీడలాగే ఉంది.)

కోడలు: ఏ స్తంభానిది మామా?

మామ: ఏ ఒక్కదానిదీ కాదట. ఫిజిక్స్ సార్లు చెప్తరు, వెలుతురు ఒక దిక్కు నుంచి రాదు, నాలుగు పక్కల నుంచి చెదిరి వస్తది, స్తంభాల నీడలు కలిసి ఒకటైతయని. నేను చిన్నప్పుడు మాత్రం ఎదురుగా ఉన్న ఈ స్తంభందే అని పందెం కట్టిన.

కోడలు: గెలిచినవా?

మామ: ఎదుటోడు కూడా ఒక స్తంభం చూపించిండు. (బయటికి వస్తూ) ఆ పిల్ల ఫోటో మళ్లీ తీస్త. పన్ను మానినాక.

కోడలు: నవ్వమని చెప్తవా?

మామ: ఏమీ చెప్ప. లైటు పెట్టేటప్పుడు నువ్వు కూడా వచ్చి నిలబడు.