నైట్ షిఫ్ట్ చాటున ప్రేమలు

1960లో కారెల్ రైజ్ తీసిన ‘సాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్’ అనే బ్రిటిష్ సినిమాలో ఆర్థర్ అనే కుర్రాడు నాటింగ్‌హామ్‌లోని సైకిల్ ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద పనిచేస్తాడు, ఎన్ని పీసులు చేస్తే అంత కూలి. అక్కడే పనిచేసే జాక్ భార్య బ్రెండాతో అతనికి సంబంధం ఉంటుంది. జాక్ ఊళ్లో లేని రాత్రి వాళ్లింట్లోనే ఉండిపోతాడు, పొద్దున్నే ఆమె పెట్టిన టిఫిన్ తిని, జాక్ తిరిగొచ్చేసరికి ఇంకో తలుపులోంచి జారుకుంటాడు. తర్వాత జాక్‌కి నైట్ షిఫ్ట్ పడుతుంది. ఇక వీళ్లకి అడ్డే ఉండదు.

కిచెన్ సింక్ సినిమాలనగానే, అంటే కూలి జనం రోజువారీ బతుకుని ఉన్నదున్నట్టు చూపించిన ఆనాటి బ్రిటిష్ సినిమాలనగానే, కోపంతో రగిలిపోయే కుర్రాళ్ల గురించే అందరూ రాస్తారు. నన్ను మాత్రం ఆ షిఫ్టులు, తలుపులు వదలవు. కూలి బతుకుల్లో ఇద్దరు కలుసుకోవాలంటే ముందు ఒక ఖాళీ గది దొరకాలి. ‘రూమ్ ఎట్ ద టాప్’ (1959)లో జో, పెళ్లయిన ఆలిస్ కలుసుకునేది ఆమె స్నేహితురాలి ఫ్లాట్‌లో. ‘ఎ కైండ్ ఆఫ్ లవింగ్’ (1962)లో విక్, ఇంగ్రిడ్‌లకి ఆమె తల్లి ఊళ్లో లేని రోజు ఇల్లు దొరుకుతుంది, ఇంగ్రిడ్‌కి కడుపొస్తుంది, హడావిడిగా పెళ్లవుతుంది, ఆ తర్వాత అదే ఇంట్లో అదే అత్తగారి కళ్లెదుట కాపురం.

తప్పు ఇద్దరిదీ అయినా లెక్క కట్టేది ఆడదే. బ్రిటన్‌లో అబార్షన్ చట్టం వచ్చింది 1967లో, అంటే బ్రెండా గర్భవతి అయ్యేనాటికి చట్టప్రకారం ఆమెకి దారి దాదాపు లేనట్టే. ఆర్థర్ తన బంధువు ఏడా ఆంటీని సాయమడుగుతాడు, గర్భం పోవడానికి వేడినీళ్ల స్నానం, జిన్ను. ఈ సినిమాకి మూలమైన ఆలన్ సిలిటో నవలలో గర్భం పోతుంది, సినిమాకొచ్చేసరికి సెన్సార్ వాళ్ల అభ్యంతరం వల్ల ఆ ప్రయత్నం ఫలించదు. కథలోనే కాదు, సెన్సార్ గదిలో కూడా భారం మళ్లీ బ్రెండా మీదికే నెట్టారని నాకనిపిస్తుంది, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆలిస్ సంగతీ అంతే. జో ఊళ్లోని ధనిక పారిశ్రామికవేత్త కూతుర్ని చేసుకుంటాడు, ఆలిస్ కారు ప్రమాదంలో చనిపోతుంది.

బ్రెండాగా వేసిన రేచల్ రాబర్ట్స్ ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’ (1963)లో మిసెస్ హామండ్. చనిపోయిన భర్త బూట్లని పొయ్యి పక్కన పెట్టుకుని పాలిష్ చేస్తుంటుంది, ఇంట్లో అద్దెకుండే రగ్బీ ఆటగాడు ఆమె మనసు కోసం అరుస్తాడు, బతిమాలతాడు. ఆ బూట్లు చూశాక ఆమెని రాతిగుండె మనిషని ఎలా అనగలం?

బ్రెండాతో సంగతి బయటపడ్డాక ఆర్థర్‌ని ఇద్దరు సైనికులు చితకబాదుతారు. ఆ దెబ్బలు కొద్దిరోజుల్లో మానతాయి. చివరి సీన్‌లో, తను పెళ్లి చేసుకోబోయే డోరీన్‌తో కొండ మీద కూర్చుని, కింద కడుతున్న కొత్త ఇళ్లవైపు రాయి విసురుతాడు. బిడ్డని కని, ఏం జరిగినా ఎదుర్కొంటానన్న బ్రెండా ఆ సీన్‌లో లేదు.