మనిషిగా ధ్రువీకరించడమైనది

సగం మనిషి, సగం మిషన్ అయినవాణ్ణి ఏ ఖాతాలో రాసుకోవాలన్నది ఇంతవరకూ తేలలేదు. తత్వవేత్తలు తేల్చలేదు, శాస్త్రవేత్తలు తేల్చలేదు. కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకున్నాను. నన్నెవరూ అడగని మాట నిజమే. అడిగితేనే పుడతాయా కమిటీలు? ఇందులో సభ్యులం ఇద్దరం. అధ్యక్షుణ్ణి నేను. రెండో సభ్యుడు మా పెద్దనాన్న. ఆయనకు ఎడమ భుజం కింద, చర్మం అడుగున, గుండె లయ తప్పకుండా చూసే అగ్గిపెట్టెంత పేస్‌మేకర్ ఉంది. అందుకే నిపుణుల కోటాలో తీసుకున్నాను. రాత్రిపూట సైన్స్ ఫిక్షన్ సినిమాలు చూసి, మనుషులెవరో మిషన్లెవరో విడదీసి నివేదిక ఇవ్వడం మా పని.

ముందు కాస్త పూర్వరంగం. ఇలా సగం మనిషి, సగం మిషన్ అయినవాణ్ణి పిలిచే 'సైబోర్గ్' అనే మాటను 1960లో మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నేథన్ క్లైన్ అనే ఇద్దరు పరిశోధకులు పుట్టించారు. అంతరిక్షంలోకి మనిషికి సరిపడే వాతావరణాన్ని మోసుకుపోయేకన్నా, అక్కడికి సరిపడేలా మనిషినే మార్చేస్తే పోతుంది కదా అన్నది వాళ్ళ ఆలోచన. చొక్కా బిగుతైందని ఒళ్ళు కోయించుకోవడం లాంటిదే, కాకపోతే ఇంగ్లీషులో చెప్పారు. ఆ మాట పుట్టకముందే, 1958లో, స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే ఆయన ఒంట్లో పేస్‌మేకర్ పెట్టేశారు. మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. అలా మార్చుకుంటూ మార్చుకుంటూ ఆయన 2001 దాకా, 86 ఏళ్ళు బతికారు. దాన్ని తయారుచేసిన ఇంజనీరు, ఒంట్లో పెట్టిన సర్జన్, ఇద్దరూ ఆయనకన్నా ముందే పోయారు. ఇది విని పెద్దనాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మెకానిక్కులు పోయారు, బండి మిగిలింది" అన్నారు. మినిట్స్‌లో రాసుకున్నాను.

ఇనుము శాతాన్ని బట్టి తేల్చేద్దామని మొదట అనుకున్నాం. స్టార్ వార్స్ ఆ ఆశ మీద నీళ్ళు చల్లింది. 1980లో వచ్చిన భాగంలో హీరో ల్యూక్ చెయ్యి తెగిపోతే మిషన్ చెయ్యి పెడతారు. అది వైద్యం. వాళ్ళ నాన్న, విలన్ డార్త్ వేడర్‌కు అదే వైద్యం కాస్త ఎక్కువ మోతాదులో జరిగింది. అది పతనం. 'వాడిప్పుడు మనిషికన్నా మిషనే ఎక్కువ' అని 1983 భాగంలో ల్యూక్ గురువు ఓబీవాన్ తీర్పు కూడా చెప్పేస్తాడు. అదే సినిమాలో కొడుకు తండ్రి చేతిని నరికి, తెగినచోట వైర్లు చూసి, గ్లవుజు తొడుక్కున్న తన చేతిని ఓసారి చూసుకుంటాడు. ఆ ఒక్క క్షణం సినిమాకే అనుమానం వచ్చినట్టుంది. అంచేత ఇనుము లెక్క కొట్టేశాం. హీరోకి పెడితే అవయవం, విలన్‌కి పెడితే విడిభాగం.

తర్వాత పరీక్ష పెట్టి చూశాం. 1982 నాటి బ్లేడ్ రన్నర్‌లో పుట్టిన మనిషెవరో, తయారైన మనిషెవరో పట్టుకోడానికి ప్రశ్నలడుగుతారు. ఎడారిలో తాబేలు వెల్లకిలా పడి గిలగిల్లాడుతోంది, నువ్వు సాయం చెయ్యట్లేదు, ఎందుకు? ఇదే ప్రశ్న పెద్దనాన్నను అడిగాను.

"అసలు ఎడారికి నేనెందుకు వెళ్ళాన్రా?" అన్నారు.

సినిమాలో లియాన్ అడిగేదీ అదే. లియాన్ పుట్టినవాడు కాదు, తయారైనవాడు. ఫలితాన్ని కుటుంబ శాంతి దృష్ట్యా రహస్యంగా ఉంచాం.

చావును బట్టి తేల్చే పద్ధతి ఒకటుంది, సినిమావాళ్ళకు అదంటే మహా ఇష్టం. 1999 నాటి బైసెంటెన్నియల్ మ్యాన్‌లో ఆండ్రూ అనే రోబో, తనను మనిషిగా గుర్తించమని అర్జీ పెట్టుకుంటాడు. నీకు చావు లేదు కాబట్టి కుదరదంటారు. పాపం, ముసలితనం కూడా తెచ్చిపెట్టుకుంటాడు. చివరికి మంజూరైందని ప్రకటించే సమయానికి అర్జీదారు కన్నుమూసి ఉంటాడు. ఏ లోకంలోనైనా ఆఫీసు ఆఫీసే. 2010 నాటి రోబోలో చిట్టి తనంతట తానే ఊడదీసుకుని మ్యూజియంలో చేరుతుంది. ఎందుకలా అంటే, ఆలోచించడం మొదలుపెట్టానంటుంది. రెండో టెర్మినేటర్‌లో మిషన్, మనుషులెందుకు ఏడుస్తారో తెలిసిందని చెప్పి కరిగిన ఉక్కులోకి దిగిపోతుంది. దాని బ్యాటరీ 120 ఏళ్ళు వస్తుందట! పెద్దనాన్న తట్టుకోలేకపోయారు. "అంత బ్యాటరీ పెట్టుకుని దూకుతాడేంట్రా, తీసి ఎవరికైనా ఇచ్చి దూకొచ్చుగా?"

అసలు చిక్కు 1987 నాటి రోబోకాప్ దగ్గర వచ్చింది. చనిపోయిన పోలీసు మర్ఫీని కంపెనీవాళ్ళు మిషన్‌గా కడుతుంటారు. ఎడమ చెయ్యి కాపాడగలిగామని డాక్టర్లు సంబరంగా చెబుతారు. ఆఫీసరు మొహం చిట్లించి, ఒళ్ళంతా మిషనే అనుకున్నాం కదా, తీసెయ్యండి అంటాడు. మరి చట్టం ఒప్పుకుంటుందా? ఉద్యోగంలో చేరేటప్పుడే కాగితాల మీద సంతకం పెట్టాడు, పైగా చట్టం ప్రకారం చచ్చిపోయాడు, మనిష్టం అంటాడు పక్కవాడు. పెద్దనాన్న అక్కడ సినిమా ఆపించి, "ఆ కాగితం చూపిస్తారేమో చూడు" అన్నారు. చూపించరు. మర్ఫీ బుర్రలో మూడు ఆజ్ఞలు పెడతారు: ప్రజల నమ్మకం నిలబెట్టు, అమాయకుల్ని కాపాడు, చట్టాన్ని అమలు చెయ్యి. నాలుగోది రహస్యం. కంపెనీ పెద్ద అధికారిని అరెస్టు చెయ్యబోయినప్పుడు, ఒళ్ళు బిగుసుకుపోతే, అదేమిటో మర్ఫీకి తెలుస్తుంది: కంపెనీ పెద్దల జోలికి వెళ్ళకు. ఆఖర్లో ముసలి ఛైర్మన్ ఆ అధికారిని ఉద్యోగంలోంచి పీకాకే మర్ఫీ తుపాకీ పేలుతుంది. న్యాయం గెలిచిందని అందరూ అనుకుంటారు. కమిటీ దృష్టిలో గెలిచింది హెచ్‌ఆర్ విభాగం.

1995 నాటి ఘోస్ట్ ఇన్ ద షెల్‌లోనూ ఇదే తంతు. మేజర్ కుసనాగికి ఒళ్ళంతా మిషనే, అదీ ఉద్యోగమిచ్చినవాళ్ళదే; ఉద్యోగం మానేస్తే ఆ ఒళ్ళు వెనక్కి ఇచ్చేయాలి, అందులో ఉన్న జ్ఞాపకాలతో సహా. ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ అప్పజెప్పినట్టన్నమాట. నాకు ఆత్మ ఉందా అని ఆవిడ సినిమా అంతా బాధపడుతుంది గానీ, రసీదు ఉందా అని ఒక్కసారీ అడగదు.

ఇదంతా కల్పనే కదా అనుకోకండి. చూపు పోయినవాళ్ళ కంట్లో పెట్టే పరికరం తయారుచేసిన ఓ కంపెనీ, కొన్నేళ్ళ కిందట డబ్బు ఇబ్బందులొచ్చి ఆ తయారీ మానేసింది. పెట్టించుకున్నవాళ్ళకు పరికరం కంట్లోనే ఉంది, పాడైతే ఎవరికి చెప్పుకోవాలో తెలీదు. దీన్నెవరూ సినిమాగా తియ్యరు. ఒక్క పేలుడైనా లేదు.

నివేదిక సగంలో ఉండగా పెద్దనాన్న బ్యాటరీ అయిపోవచ్చిందన్నారు డాక్టర్లు. బ్యాటరీ మార్పు అంటారు గానీ మార్చేది మొత్తం డబ్బానే, బ్యాటరీ అందులో సీలేసి ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు నర్సు ఒప్పుకోలు కాగితాలు తెచ్చి, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించింది. పెద్దనాన్న కళ్ళజోడు తుడుచుకుని మొదటి పేజీ మొదటి లైను నుంచి మొదలుపెట్టారు. అరగంటైంది. నర్సు రెండుసార్లు వచ్చి వెళ్ళింది.

"మూడే పేజీలు, పెద్దనాన్నా. పెట్టెయ్యండి."

"మర్ఫీకీ మూడే చూపించార్రా," అని ఆయన కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి, వెనక కూడా చూశారు.