గమనిక: మా బ్లాగు ఇల్లు మారుతోంది

పోయిన ఆదివారం భోజనాలయ్యాక, నా బ్లాగును ఇంకో చోటికి మార్చాలా వద్దా అన్న సంగతి తేల్చేయాలని గట్టిగా నిర్ణయించుకున్నాను. ఇదే సంగతి 2009లో, 2012లో, 2016లో, లాక్‌డౌన్‌లో రెండుసార్లు తేల్చేశాను కాబట్టి అనుభవానికి కొదవ లేదు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే యువతకు పనికొస్తుందని ఆ అనుభవాన్ని ఉచితంగా పంచుతున్నాను.

ముందు నా అర్హతలు. బ్లాగు మొదలుపెట్టింది 2007 శ్రావణంలో. ఇప్పటిదాకా రాసిన టపాలు (అంటే పోస్టులు) 143. అందులో ఉగాది శుభాకాంక్షలు 19. మధ్యలో వచ్చిన ఉగాదులు 18 కదా అని మీరు వేళ్లు మడవొచ్చు. వికృతి నామ సంవత్సరంలో పాత ఇల్లు ఖాళీ చేయలేదు, కొత్త ఇంట్లో పూర్తిగా దిగలేదు. అందుకని రెండు గుమ్మాలకూ తోరణం కట్టాను. సంక్రాంతి శుభాకాంక్షలు 17. "చాలా రోజులైంది రాసి, ఇకమీదట క్రమం తప్పకుండా రాస్తాను" అని అర్థం వచ్చేవి 38. "కొత్త ఇంటికి వచ్చేశాం, పాత చిరునామా మరిచిపోండి" అన్నవి 11 (వెళ్లినందుకు వేరే, వెనక్కి వచ్చినందుకు వేరే). మిగిలిన 58 సాహిత్యం.

నేను మొదలుపెట్టిన రోజుల్లో తెలుగు బ్లాగంటే ఒక సంసారం. లేఖినిలో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే ఇంకో పెట్టెలో తెలుగు పడేది. దాన్ని కాపీ చేసి తెచ్చి బ్లాగులో అతికించి, అందరి బ్లాగుల కొత్త టపాలూ ఒక్కచోట చూపించే కూడలికి వెళ్లి మన టపా అక్కడ పడిందో లేదోనని ఐదు నిమిషాలకోసారి తొంగి చూసుకునేవాళ్లం. పడగానే ఎవరో పుణ్యాత్ములు వచ్చి "చాలా బాగా రాశారండీ, వర్డ్ వెరిఫికేషన్ తీసేయగలరు" అని వ్యాఖ్య పెట్టేవారు. వర్డ్ వెరిఫికేషన్ అంటే వ్యాఖ్య పెట్టేముందు వంకర అక్షరాలు చూసి కొట్టమనే పరీక్ష. ఆ వాక్యంలో మొదటి సగం మర్యాదకి, అసలు పని రెండో సగంలో ఉందని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

బ్లాగు ఎక్కడ పెట్టుకోవాలన్న విషయంలో అప్పట్లో లోకంలో రెండే మతాలు. బ్లాగర్ వాళ్లు, వర్డ్‌ప్రెస్ వాళ్లు. ఎవరి బొట్టు వాళ్లది. పైరా ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ 1999 ఆగస్టులో బ్లాగర్‌ని మొదలుపెడితే 2003లో గూగుల్ కొనేసింది. వర్డ్‌ప్రెస్‌కి శంకుస్థాపన కూడా 2003లోనే, మే 27న. అంటే ఒక ఇల్లు చేతులు మారిన ఏడాదే ఎదురు వీధిలో ఇంకో ఇల్లు లేచింది. ఏ జ్యోతిష్కుడైనా ఆ జాతకాలు చూసి, మధ్యలో ఉన్నవాడికి స్థిరనివాసం లేదని చెప్పేవాడు. బ్లాగర్‌లో మూసని (టెంప్లేట్‌ని) మన ఇష్టమొచ్చినట్టు తవ్వుకోవచ్చు, గోడలు పడగొట్టుకోవచ్చు. వర్డ్‌ప్రెస్.కామ్‌లో ఉచితంగా ఉన్నంతకాలం గోడకి మేకు కొట్టాలన్నా డబ్బు కట్టాలి, కానీ ఇల్లు చూడ్డానికి హుందాగా ఉంటుంది. హుందా కావాలా, తవ్వకాలు కావాలా అని నేను రెండేళ్లు ఆలోచించాను. ఆ రెండేళ్లలో సాహిత్యం ఏమీ రాయలేదన్నది వాస్తవమే గానీ, పునాదుల దగ్గర తొందర పనికిరాదు.

అసలు చిక్కు చిరునామా దగ్గరుంది. తెలుగులో శీర్షిక పెడితే బ్లాగర్ దాన్ని చిరునామాలోకి రానివ్వదు. "బ్లాగ్-పోస్ట్" అని రాసుకుంటుంది. అదే నెలలో ఇంకోటి రాస్తే "బ్లాగ్-పోస్ట్" పక్కన ఒక అంకె తగిలిస్తుంది. బడిలో చేర్చుకునే మాస్టారికి పేరు సరిగా వినపడక పెద్దవాణ్ణి "పిల్లాడు" అనీ, రెండోవాణ్ణి "పిల్లాడు 15" అనీ రిజిస్టర్లో ఎక్కించినట్టు. వర్డ్‌ప్రెస్ అలా కాదు, తెలుగు శీర్షికను అక్షరం పొల్లుపోకుండా చిరునామాలో పెడుతుంది. ఆ లింకును కాపీ చేసి ఎవరికైనా పంపినప్పుడు తెలుస్తుంది దాని విశ్వరూపం. ఒక్కో అక్షరానికి తొమ్మిదేసి గుర్తులు. "క" అంటే శాతం ఈ సున్నా, శాతం బీ సున్నా, శాతం తొమ్మిది ఐదు. గుణింతానికి వేరే తొమ్మిది, పొల్లుకి కూడా వేరే తొమ్మిది. "అమ్మ" అన్న మాటకి 36. ఒకసారి మా బాబాయికి లింకు ఫోన్లో చదివి వినిపించాను. శ్రద్ధగా రెండు పేజీలు రాసుకుని, "వడ్డీ బాగానే ఉంది గానీ, ఏ బ్యాంకురా?" అన్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ గుర్తులు రెండొందలు దాటకూడదని వర్డ్‌ప్రెస్‌లో ఒక హద్దు ఉంది. "మా ఊరి చెరువు గట్టు మీద సాయంత్రం" అని శీర్షిక పెట్టారనుకోండి, చిరునామా "మా ఊరి చెరువు గట్టు మీద సా" దగ్గర తెగిపోతుంది. సాయంత్రం సగంలోనే అస్తమిస్తుంది. నేను కూర్చుని అన్నీ లెక్కగట్టి చూశాను. కవిత్వం రాసేవాడు ఇరవై రెండు అక్షరాల్లోపు, అదీ ఒత్తులూ గుణింతాలూ లెక్కేసుకుని శీర్షిక పెట్టుకోవాలి. యతిప్రాసలే నయం.

ఇక వాస్తు. దీని మీద ఎవరూ సరిగా రాయలేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. తెర పైభాగం ఉత్తరం అనుకుంటే కుడివైపు పైమూల ఈశాన్యం అవుతుంది. ఈశాన్యంలో నీళ్లుండాలి. అందుకే బ్లాగర్‌లో చేపల తొట్టి గాడ్జెట్ వచ్చిన రోజున, మౌస్ కదిపితే చేపలు వెంటబడి వచ్చేవే, దాన్ని తెచ్చి కుడి పైమూల పెట్టాను. నైరుతిలో బరువుండాలని సాహిత్యం 58 టపాల జాబితా ఎడమ కిందమూలకి దించాను. గడియారం, పంచాంగం, సందర్శకుల లెక్కపెట్టె, కూడలి, దాని తోటి జల్లెడ, హారం, మాలికల బొమ్మలు మిగతా దిక్కులకి సర్దాను. ఇంత చేశాక ఒకరోజు ఫోన్‌లో తెరిచి చూస్తే ఈశాన్యం, నైరుతి, చేపలు, పంచాంగం అన్నీ కిందకి జారిపోయి రేషన్ షాపు ముందు జనంలా ఒకే వరసలో నిలబడి ఉన్నాయి. చదివేవాళ్లంతా ఫోన్లకి మారిపోయాక నా బ్లాగు ఎందుకు కలిసిరాలేదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కలిసిరాలేదు అన్నాను గానీ పాఠకులు లేక కాదు. ఒక ఇంట్లో ఉండగా గణాంకాల పేజీలో రోజూ రష్యా నుంచి రెండొందల మంది నా "గోంగూర: పుల్లదా, పచ్చడిదా?" టపా చదువుతున్నట్టు కనిపించేది. ఆ దేశం మీద నాకు చాలా అభిమానం కలిగింది. వాళ్ల కోసం ఉల్లిపాయ గురించి రెండో భాగం కూడా మొదలుపెట్టాను. వాళ్లు మనుషులు కారు, కంప్యూటర్లని మా మేనల్లుడు చెప్పకుండా ఉంటే ఆ సాహిత్యం 59 అయ్యేది.

ఈ మేనల్లుడు గచ్చిబౌలిలో ఉంటాడు. "అద్దె ఇళ్లెందుకు మామయ్యా, నీ డొమైన్ నువ్వు కొనుక్కో, హోస్టింగ్ తీసుకో, వర్డ్‌ప్రెస్ నువ్వే పెట్టుకో, అంతా నీదే" అన్నాడు. సొంతిల్లు ఎవరికి చేదు? కట్టాను. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు కట్టాక రోజూ పొద్దున్నే చూడాల్సి వస్తుందని చెప్పలేదు. ఈరోజు ప్లగిన్లు (అదనపు హంగులు) నాలుగు అప్‌డేట్ చేయాలి, రేపు థీమ్ చేయాలి, ఎల్లుండి ప్లగినూ థీమూ మాట్లాడుకోక తెల్ల తెర వస్తుంది. మేనల్లుడికి ఫోన్ చేస్తే "బ్యాకప్ ఉందా?" అంటాడు. దొంగలు పడ్డాక వచ్చిన పోలీసు తాళం వేశారా అని అడిగినట్టుంటుంది. 2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ తన రాత బల్లనే మార్చేసింది. అప్పటినుంచి పేరా పేరాకీ ఒక దిమ్మె. పొలానికి గట్లు వేసినట్టు నా వచనాన్ని చెక్కలు చెక్కలుగా పంచి, ఏ చెక్కని పైకి జరపాలో కిందకి జరపాలో చూసుకోమంది. మళ్లీ ఒక ప్లగిన్ పెట్టుకుని పాత బల్లే తెచ్చుకున్నాను. ఒక మంచి విషయం కూడా చెప్పాలి. సొంత వర్డ్‌ప్రెస్ ఎక్కించగానే "హలో వరల్డ్" అని ఒక టపా వాళ్లే రాసి పెట్టి ఉంచుతారు. నా బ్లాగులో అచ్చుతప్పులు లేని టపా అదొక్కటే.

ఇన్ని ఇళ్లు మారడమెందుకు, ఉన్నచోట ఉండి రాసుకోవచ్చు కదా అని మా ఆవిడ అంటుంది. ఆవిడకి చరిత్ర మీద ఆసక్తి తక్కువ. జనం పేజీలూ బ్లాగులూ పెట్టుకున్న ఇళ్లు ఎన్ని కూలాయో చూడండి. యాహూ వాళ్లు 2009లో జియోసిటీస్‌ని నేలమట్టం చేశారు. మైక్రోసాఫ్ట్ తన లైవ్ స్పేసెస్‌ని మూసేస్తూ, ఆర్నెల్లు గడువిచ్చి అందరికీ వర్డ్‌ప్రెస్.కామ్ దారి చూపించింది. పోస్టరస్‌ని 2012లో ట్విటర్ కొని 2013 ఏప్రిల్ నెలాఖరుకి తాళం వేసింది. 2025 సెప్టెంబరు 30న, 2003 నాటి టైప్‌ప్యాడ్ కూడా పోయింది. బ్లాగర్ ఇళ్లుండే బ్లాగ్‌స్పాట్ మాటకొస్తే, 2012 నుంచి మనవాళ్లందరినీ బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అనే వీధిలోకి మళ్లించారు. 2020లో ఆ డాట్ ఇన్ పేరు గూగుల్ చేతిలోంచి జారిపోయింది. ఇల్లు మునుపటి డాట్ కామ్‌లో భద్రంగానే ఉంది, కానీ వీధి బోర్డు వేరేవాళ్ల పాలైంది. అంత పెద్ద ఇంటాయనే వీధి పేరు కట్టుకోవడం మరిచిపోతే మన గతేమిటి?

ఇంతకన్నా గట్టి వాదన ఇంకొకటి ఉంది, దాన్ని మా ఆవిడ మీద ఇంకా ప్రయోగించలేదు. బ్లాగర్‌ని కట్టినవాళ్లలో ఒకడైన ఇవాన్ విలియమ్స్ అక్కడ ఉండలేదు. బయటికొచ్చి ట్విటర్ పెట్టినవాళ్లలో చేరాడు. అక్కడా ఉండలేక 2012లో మీడియం అనే ఇంకో రాతల వేదిక కట్టాడు. ఇల్లు కట్టిన మేస్త్రీయే మూడు కొంపలు మారితే, అద్దెకున్నవాణ్ణి నేను మారితే తప్పేమిటి?

మీడియం చూసొచ్చాను. బాగుంది, తెల్లగా ఉంది, మన సామాను ఏదీ లోపల పెట్టనివ్వరు. చేపల తొట్టి ఎక్కడ పెట్టాలని అడిగేందుకు కూడా మనసు రాలేదు. తర్వాత సబ్‌స్టాక్. 2017లో మొదలైందట. మనం రాస్తే వాళ్లు జనం మెయిల్‌లోకి పంపుతారు, జనం డబ్బులిస్తారు, అందులో పది శాతం వాళ్లు తీసుకుంటారు. ఈ పది శాతం దగ్గర నేను మూడు వారాలు ఆగాను. మరీ దోపిడీ అనిపించింది. నా రాబడి మీద పది శాతం ఎంతవుతుందో పద్దు వేసి చూశాక కోపం తగ్గింది.

చివరికి ఒక కొత్త వేదిక మీద మనసు పడింది. దాని పేరు చెప్పను, మర్యాద కాదు. కార్తీకం వెళ్లకుండా, మూఢం రాకుండా దిగిపోవాలని ముహూర్తం కూడా చూసుకున్నాను. పాత ఇంట్లో "ఎగుమతి" నొక్కితే నా పద్దెనిమిదేళ్ల రాతలన్నీ ఒక ఫైలుగా దిగాయి. 4 ఎంబీ. ఆ పొద్దున్నే మా తోడల్లుడు వాట్సాప్‌లో పంపిన శుభోదయం వీడియో 11 ఎంబీ. ఫొటోలు ఆ ఫైల్లో రావు, ఫొటోలుండే చోటి చిరునామాలు వస్తాయి. బీరువా మోసుకొచ్చామనుకుని, బీరువా ఎక్కడుందో రాసిన చీటీ జేబులో వేసుకొచ్చినట్టు. సరే, ఫొటోలు తర్వాత చూసుకుందాంలే అని కొత్త ఇంట్లో పాలు పొంగించి "దిగుమతి" నొక్కాను. నిజంగానే పొంగించాను, ఇండక్షన్ స్టవ్ కంప్యూటర్ పక్కన పెట్టుకుని.

143 టపాలూ క్షేమంగా దిగాయి. తేదీలు మాత్రం దారిలో పడిపోయాయి. అన్నిటికీ ఆ రోజు తేదీయే పడింది. కొత్త టపా పడగానే చందాదారులకి మెయిల్ పంపడం ఆ వేదిక ప్రత్యేకత అని వాళ్ల ప్రకటనలోనే ఉంది, నేనే శ్రద్ధగా చదవలేదు. నాకు 64 మంది చందాదారులు, వారిలో ఇద్దరు నేనే. తెల్లారేసరికి నా రెండు మెయిల్ పెట్టెల్లోనూ నూట నలభై మూడేసి ఉత్తరాలున్నాయి. ఆ లెక్కన మిగతా అరవై రెండు ఇళ్లలో ఏం జరిగిందో ఊహించుకుని ఫోన్ సైలెంట్‌లో పెట్టాను.

అయినా ఒక ఫోన్ ఎత్తక తప్పలేదు. నూజివీడులో ఉంటారు, రిటైరైన తెలుగు మాస్టారు. 2008 నుంచి నన్ను చదువుతున్నారు, ఎన్ని ఇళ్లు మారినా వెతుక్కుంటూ వచ్చి దిగేవారు.

"నాయనా, అన్నీ అందాయి," అన్నారు. "రాత్రి పడుకోలేదు, వరసగా చదివాను. ఇకమీదట క్రమం తప్పకుండా రాస్తానని ముప్పై ఎనిమిది సార్లన్నావు. ఈసారి మాట నిలబెట్టుకున్నావు, సంతోషం."

"క్షమించాలి మాస్టారూ, ఇల్లు మారేటప్పుడు కొంచెం..."

"ఆ సంగతి పదకొండు సార్లు రాశావు, చదివాను. సర్వధారి నుంచి విశ్వావసు దాకా ఉగాది శుభాకాంక్షలు కూడా అందాయి. అన్నీ కాగితం మీద వేసి సరిచూసుకున్నాను. వికృతి రెండుసార్లు వచ్చింది నాయనా. అధికమాసం తెలుసు గానీ, అధిక సంవత్సరం ఏ సిద్ధాంతంలో చెప్పారో నాకు గుర్తు రావడం లేదు. కాస్త చెబుతావా, రాసుకుంటాను."