మాక్స్ పేన్‌ని మేట్రిక్స్ కాపీ అన్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఇప్పుడే ఒక రీల్ కంటపడింది. అనవసరంగా పొగిడే పాత గేములు అని వరసపెట్టి చూపిస్తూ అందులో మాక్స్ పేన్ అనే కాల్పుల గేమ్‌ని కూడా పడేశాడు. చెప్పిన కారణాలు మూడే. మేట్రిక్స్ కాపీ అట. హీరో మొహం మలబద్ధకం వచ్చినవాడిలా ఉందట. మధ్యమధ్యలో వచ్చే బొమ్మల కథ బోరు కొట్టి స్కిప్ చేశాడట. కింద జనం నవ్వుతూ ఎమోజీలు.

స్కిప్ చేశాడట! విస్తట్లో అన్నీ వదిలేసి అప్పడం ఒక్కటి నమిలి లేచిపోయినవాడు భోజనం బాగాలేదంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఈ మాట ఇరవై ఏళ్లుగా వింటూనే ఉన్నాం కాబట్టి ఈసారి వదలబుద్ధి కావడం లేదు.

ముందు ఆ కాపీ సంగతి తేల్చేద్దాం. మేట్రిక్స్ సినిమా వచ్చింది 1999 మార్చిలో. ఫిన్లాండ్‌లోని ఎస్పో అనే ఊళ్లో రెమెడీ అనే చిన్న బృందం ఈ గేమ్ పని 1996లోనే మొదలుపెట్టింది. 1998లో ఈ3 అనే గేముల ప్రదర్శనలో ట్రైలర్ కూడా చూపించింది. ఆ తర్వాత ఉన్నది చాల్లే అని సరిపెట్టుకోలేదు వాళ్లు. న్యూయార్క్ వెళ్లి గోడలు, సందులు, మెట్లు, తలుపులు వేలకొద్దీ ఫొటోలు తీసి తెచ్చి, లెవెళ్లన్నీ మళ్లీ చేశారు. అందుకే 2001 జూలై దాకా గేమ్ బయటికి రాలేదు. ఈ లోపు సినిమా వచ్చేసింది. సినిమావాళ్లూ వీళ్లూ నీళ్లు తోడుకున్న బావి ఒకటే, హాంకాంగ్ యాక్షన్ సినిమాలు, అందులోనూ దర్శకుడు జాన్ వూ తీసిన తుపాకీ పోరాటాలు. ముందు గుమ్మం దాటినవాడిదే బావి అంటే ఎలా?

అసలు సినిమాలో స్లో మోషన్ కళ్లకు. ఈ గేమ్‌లో స్లో మోషన్ చేతికి. తేడా తెలియాలంటే మౌస్ పట్టుకోవాలి. బుల్లెట్ టైమ్ నొక్కగానే లోకమంతా నెమ్మదిస్తుంది, మాక్స్ కాళ్లు కూడా నెమ్మదిస్తాయి. మీ గురి మాత్రం నెమ్మదించదు. క్రాస్‌హెయిర్, అంటే తెర మీద గురి గుర్తు, మామూలు వేగంతోనే తిరుగుతుంది. గది మొత్తం తేనెలో పడ్డట్టు కదులుతుంటే మీ చూపు ఒక్కటే చురుగ్గా ఉంటుంది. ఆటగాడికి ఇచ్చిన వరం అది. దానికి తోడు ఇందులో తూటా నిజంగా ప్రయాణం చేస్తుంది. చాలా షూటర్లలో ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే గురి మీద ఉన్నవాడికి తగిలినట్టు లెక్కేస్తారు. ఇక్కడ ప్రతి తూటా గాల్లో ఒక వస్తువు. అది వచ్చేలోపు పక్కకు తప్పుకోవచ్చు. మీరు కాల్చింది చేరేలోపు వాడూ కదిలిపోవచ్చు. అందుకే దూరాన పరిగెత్తేవాడి మీద కాకుండా వాడికి కాస్త ముందు గురిపెట్టాలి. ఈ లెక్క లేకపోతే స్లో మోషన్ ఉట్టి అలంకారం అయ్యుండేది.

కుడి మౌస్ బటన్ నిలబడి నొక్కితే బుల్లెట్ టైమ్, ఏదో ఒక దిక్కుకు కదులుతూ నొక్కితే షూట్‌డాడ్జ్, అంటే ఆ దిక్కుకు ఎగిరి దూకుతూ కాల్చడం. కొత్తవాళ్లంతా చేసే తప్పు ఇక్కడే. దూకడం బాగుందని శత్రువు వైపే దూకుతారు. గాల్లో ఉన్నప్పుడు దిక్కు మార్చుకోలేరు. నేల మీద పడ్డాక లేచేదాకా కాల్చలేరు. ఆ లేచే క్షణంలోనే షాట్‌గన్‌వాడు పని పూర్తి చేస్తాడు. తలుపు చట్రం అంచు నుంచి పక్కకు దూకాలి, అడ్డంగా ఒక గోడో స్తంభమో ఉన్న చోట పడాలి. రెండో తప్పు, బుల్లెట్ టైమ్ ఎంత మిగిలిందో చూపే ఇసుక గడియారం నిండుగా ఉంది కదా అని గదిలోకి రాకముందే బుల్లెట్ టైమ్ నొక్కి ఖాళీ చేసుకోవడం. అది మళ్లీ నిండేది శత్రువులు పడితేనే. దాచుకున్నవాడికీ పనికిరాదు, పారబోసినవాడికీ మిగలదు.

పెయిన్‌కిల్లర్లు ఎనిమిదికి మించి మోయలేరు. మింగిన వెంటనే ప్రాణం తిరిగి రాదు. పక్కన ఉండే మనిషి బొమ్మలో ఎర్రరంగు మెల్లగా కిందికి దిగుతుంది. తూటాలు తగులుతుండగా మింగితే దండగే. గదిలోకి వెళ్లే ముందు మింగాలి. రెండు ఇంగ్రామ్ సబ్‌మెషిన్ గన్‌లు రెండు చేతుల్లో పట్టుకుంటే చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ మ్యాగజైన్లు మంచినీళ్లలా ఖర్చవుతాయి. ఇరుకు గదికి పంప్ షాట్‌గన్, పొడవాటి వరండాకు బెరెట్టా పిస్తోలు, దూరానికి స్నైపర్. స్నైపర్ పేల్చినప్పుడు కెమెరా తూటా వెంటే వెళ్తుంది, అది ఎన్నిసార్లు చూసినా విసుగురాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మొదటి కష్ట స్థాయి ఫ్యుజిటివ్‌లో గేమ్ మిమ్మల్ని చూస్తూ ఉంటుంది. మీరు తరచూ చస్తుంటే మెత్తబడుతుంది, బాగా ఆడుతుంటే బిగుస్తుంది. ఈజీ అని కొట్టిపారేసేవాళ్లు డెడ్ ఆన్ అరైవల్ అనే కష్ట స్థాయి ఆడి మాట్లాడాలి. ఒక్కో అధ్యాయానికి ఏడు సేవ్‌లే. న్యూయార్క్ మినిట్ అనే మోడ్‌లో గడియారంలో ఒక్క నిమిషం ఉంటుంది, శత్రువు పడ్డ ప్రతిసారీ కొన్ని సెకన్లు కలుస్తాయి, ఆగితే పోయినట్టే.

ఇక ఆ బొమ్మల కథ. దీని మీద నోరు పారేసుకున్నందుకే నాకు ఎక్కువ మండింది.

అప్పట్లో కదిలే సీన్లు సినిమాలా తీయాలంటే డబ్బు కావాలి. రెమెడీ దగ్గర అంత లేదు. వాళ్లేం చేశారు? ఆఫీసువాళ్లనీ, స్నేహితులనీ, ఇంట్లోవాళ్లనీ నిలబెట్టి ఫొటోలు తీశారు. వాటిని కంప్యూటర్లో నీటిరంగుల బొమ్మల్లా మార్చి కామిక్ పేజీలు పేర్చారు. మీరు వెక్కిరించిన ఆ మొహం ఎవరిదనుకున్నారు? కథ రాసిన సామ్ లేక్‌ది. అసలు పేరు సామి యార్వి, ఫిన్నిష్‌లో యార్వి అంటే సరస్సు. విలన్ నికోల్ హార్న్‌గా కనిపించే ఆవిడ సామ్ లేక్ వాళ్లమ్మ. నటుడు కాని ఒక రచయిత తోలు కోటు వేసుకుని మొహం చిట్లించి నిలబడితే, ఆ చిట్లింపే ఒక తరం మొత్తానికి గుర్తుండిపోయింది. బీదరికంలో పుట్టిన ఉపాయం ఆ గేమ్‌కి ముద్ర అయింది. దాన్ని చూసి నవ్వడానికి మనసెలా వస్తుంది?

ఆ పేజీల వెనక వినిపించే గొంతు నటుడు జేమ్స్ మెకాఫ్రీది. అరవడు, ఏడవడు. భార్యనూ పసిబిడ్డనూ పోగొట్టుకున్నవాడు మూడేళ్లు లోపలే కుళ్లిపోయాక ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడతాడు. 2023 డిసెంబర్‌లో ఆయన పోయారు. ఆ గొంతు వినకుండా స్కిప్ నొక్కుకుంటూ పోయినవాడికి మాక్స్ ఎవరో ఎలా తెలుస్తుంది?

మన దగ్గర ఈ స్కిప్ అలవాటుకి ఒక కారణం ఉంది, అది నేనూ ఒప్పుకుంటాను. నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బు కట్టి ఆడిన తరం మనది. హెడ్‌ఫోన్లు ఉండేవి కావు, ఉన్నా ఒక చెవే పనిచేసేది. గంట అయిపోతుందని అందరూ పేజీలు దాటించేసి కాల్పుల్లోకి పోయేవాళ్లు. అందుకే హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా మాక్స్ పేన్ అంటే స్లో మోషన్ గేమ్ అనే గుర్తు, కథ అనేసరికి ఖాళీ. అప్పుడు జేబు ఒప్పుకోలేదు, సరే. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, సొంత కంప్యూటర్ ముందు, స్కిప్ చేసి పైగా గొప్పగా చెప్పుకోవడం ఏంటి?

స్కిప్ చేసినవాడికి ఏం పోయిందో చెప్తా. ఆ మంచు తుఫాను ఊరికే పెట్టలేదు. స్కాండినేవియావాళ్ల నార్స్ పురాణాల్లో లోకం అంతమయ్యే యుద్ధం రాగ్నరాక్, దానికి ముందు ఎడతెగని చలికాలం వస్తుంది. గేమ్‌లో ఈ పేర్లు చూడండి, అన్నీ ఆ పురాణాల్లోంచి వచ్చినవే. మత్తుమందు పేరు వాల్కిర్. నైట్‌క్లబ్ పేరు రాగ్నా రాక్. కంపెనీ పేరు ఈసిర్. ఒంటికన్ను పెద్దమనిషి పేరు వోడెన్. మొదట్లోనే మెట్రో స్టేషన్‌లో చచ్చిపోయే స్నేహితుడి పేరు బాల్డర్, పురాణంలో కూడా బాల్డర్ చావుతోనే పతనం మొదలవుతుంది. న్యూయార్క్ మాఫియా కథలో ఇంత పెద్ద పురాణాన్ని ఎక్కడా ఆగి వివరించకుండా పేర్లలో దాచి చెప్పారు. గదుల్లో ఉన్న టీవీల ముందు ఆగి చూశారా? అందులో సీరియళ్లు వస్తుంటాయి. పరిగెత్తేవాడికి ఇవేవీ కనబడవు.

చెప్తుంటే ఇంకో పాత మంట గుర్తొచ్చింది, నిజానికి అదే పెద్దది. ఆ రీల్ కుర్రాడిని తిట్టి లాభం లేదు కూడా, ఎందుకంటే వాడికి దొరికిన కాపీలోనే గేమ్ సగం లేదు!

ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని అమ్ముతున్న ఈ గేమ్‌ని కొత్త విండోస్‌లో వేయండి. చాలా కంప్యూటర్లలో సంగీతం రాదు, మాటలు రావు, చప్పుళ్లు సగం మాయం. కారణం అంతు చిక్కనిదేం కాదు. గేమ్ సామానంతా డాట్ ఆర్ఏఎస్ అనే మూటల్లో ఉంటుంది. డేటా, ఇంగ్లిష్, మ్యూజిక్, మూడు లెవెల్ మూటలు. అందులోని చప్పుళ్లు ఏడీపీసీఎం పద్ధతిలో కుదించి ఉంటాయి, కొత్త విండోస్‌లో గేమ్ వాటిని విప్పుకోలేక మూగబోతుంది. మూట విప్పి, ఆ ఫైళ్లను మామూలు పీసీఎం వేవ్‌గా మార్చి, మళ్లీ కట్టి అదే చోట పెడితే చప్పుళ్లన్నీ తిరిగొస్తాయి. అభిమానులు ఎప్పుడో చేసి ఉచితంగా పెట్టారు. కొత్త ఏఎండీ ప్రాసెసర్ల మీద ఇంకో గొడవ, జేపీఈజీ బొమ్మ తెరవలేనని ఎర్రర్ ఇచ్చి గేమ్ మొదలే కాదు. ఒక్క డీఎల్ఎల్ ఫైల్ మారిస్తే పోతుంది. వెడల్పు స్క్రీన్ మీద బొమ్మ సాగిపోతే వైడ్‌స్క్రీన్ ఫిక్స్ వేసుకోవాలి. ఆ ఫైళ్లు గేమ్ ఈఎక్స్ఈ ఉన్న ఫోల్డర్‌లోనే పడాలి, చాలామంది లోపలి డేటా ఫోల్డర్‌లో పెట్టి పనిచేయలేదంటారు. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల కాకుండా వేరే చోట ఇన్‌స్టాల్ చేసుకోండి, లేకపోతే విండోస్ రాయనివ్వదు. పాత ఫైళ్లకు నకలు తీసి పెట్టుకోండి.

చప్పుడు లేకపోతే ఏమవుతుందో తెలుసా? ఇదే గేమ్‌లో రెండో అంకం మొదట్లో మాక్స్ పీడకల వస్తుంది. నల్లటి శూన్యంలో సన్నటి రక్తపు గీత, దాని మీద నడవాలి, కాలు జారితే చావే. గీత చీలిన చోట ఎటు పోవాలో కంటికి తెలియదు. పసిబిడ్డ ఏడుపు ఎటు దగ్గరవుతుందో విని అటు అడుగేయాలి. ఎక్కడా ఆగని తూటాల ఆటలో ఒక తండ్రిని చెవులు రిక్కించి నడిపించిన చోటు అది. ఆ ఏడుపే వినబడని కాపీని అమ్ముతున్నారు. ఆడినవాడు పదిసార్లు కింద పడి, లెవెల్ చెత్తగా ఉందని రీల్ చేస్తాడు. తప్పెవరిది?

ఈ గేమ్ ఇంజిన్ మ్యాక్స్ ఎఫ్ఎక్స్‌తోనే 3డీమార్క్ 2001 చేశారు. ఆ రోజుల్లో గ్రాఫిక్స్ కార్డు కొన్న ప్రతివాడూ ఆ టెస్టు నడిపి అంకె చూసి మురిసిపోయాడు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కార్డు కొన్నవాళ్లు కూడా, తెలియకుండానే, ఈ ఇంజిన్‌కి దణ్ణం పెట్టినవాళ్లే. అలాంటి పనితనం ఉన్న గేమ్‌కి ఇరవై ఏళ్ల తర్వాత కనీసం చప్పుడు వచ్చేలా చేయాలని అమ్మేవాళ్లలో ఒక్కరికీ అనిపించలేదు.

2012లో వచ్చిన మూడో భాగం బాగా ఆడుకోవచ్చు, కాదనను, కానీ సావో పాలో ఎండలో కామిక్ పేజీలు తీసేసి తెర మీద మాటలు ఎగరేస్తే అది నా మాక్స్ కాదు. ఇప్పుడు మొదటి రెండు భాగాలూ కలిపి రీమేక్ చేస్తున్నామని రెమెడీ 2022 ఏప్రిల్‌లో ప్రకటించింది. మంచిదే. ఆ పేజీలు ఉంచండి, మంచు ఉంచండి, ఆ చిట్లించిన మొహం ఉంచండి. అది వచ్చేదాకా పాతదాన్ని అమ్ముతూనే ఉంటారు కదా, ముందు ఆ ఆర్ఏఎస్ మూటలు సరిచేసి అప్‌డేట్ పెట్టండి. అభిమానులు ఫైళ్లతో సహా సిద్ధం చేసి పెట్టారు, మీరు అతికించడమే మిగిలింది.

ఆ రీల్ చేసిన తమ్ముడూ, ఇది నీ దాకా వస్తే, సౌండ్ ప్యాచ్ వేసి, లైట్లు ఆర్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి ఆడు. స్కిప్ మీద వేలు పెట్టకు.