వినడం నేర్పకుండా మాట్లాడటం నేర్పలేం

తరగతిలో ఒక అమ్మాయి లేచి నిలబడుతుంది. మూడు వాక్యాలు గడగడా చెబుతుంది. నాలుగోది గుర్తుకు రాదు. పైకప్పు వైపు చూస్తుంది, చీర కుచ్చిళ్లో చున్నీ అంచో దొరికినట్టు వేళ్లతో ఏదో నలుపుతుంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమంటారు. "సరిగ్గా ప్రిపేరయి రావాలమ్మా, కూర్చో" అంటారు టీచర్. కోపంగా కూడా కాదు, మామూలుగానే. అమ్మాయి కూర్చుంటుంది. ఇంకెప్పుడూ లేవకూడదన్న ఒక్క పాఠం మాత్రం ఆ రోజు ఆమెకు బాగా వంటబడుతుంది.

పెద్దవాళ్లకు వేదిక మీద మాట్లాడటం నేర్పుతుంటాను. ఈ భయం ఎప్పటి నుంచి అని అడిగితే ఎక్కువమంది ఇలాంటి సంగతే చెబుతారు. పదిమందికి పని పురమాయించే హోదాలో ఉన్నవాళ్లకు కూడా చిన్నప్పటి ఆ నవ్వు చెవిలోంచి పోలేదు. మనం మాత్రం సభాకంపాన్ని మాట్లాడేవాళ్ల లోపంగానే చూస్తున్నాం. ధైర్యం లేదంటాం, ఆత్మవిశ్వాసం పెంచుకోమంటాం. వాళ్ల ఎదురుగా కూర్చున్నవాళ్ల వైపు చూడం. నా దృష్టిలో అసలు శిక్షణ అక్కడ మొదలుకావాలి.

మనిషిలో ఒత్తిడి ఎలా పనిచేస్తుందో కొలవాలంటే ముందు దాన్ని పుట్టించాలి కదా. 1993లో జర్మనీలోని ట్రయర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అందుకో పద్ధతి ప్రకటించారు. ప్రయోగానికి వచ్చినవాళ్లు ఒక ఉద్యోగానికి తామే తగినవాళ్లమని ముగ్గురు సభ్యుల బృందం ముందు నిలబడి 5 నిమిషాలు మాట్లాడాలి. తయారవడానికి కాస్త సమయం ఇస్తారు, రాసుకున్న కాగితం మాత్రం లోపలికి వెళ్లేముందు తీసేసుకుంటారు. ఎదుట మైకు, కెమెరా. ఆ ముగ్గురూ నవ్వకూడదు, తల ఊపకూడదు, ముఖంలో ఏ భావమూ చూపించకూడదు. తర్వాత 5 నిమిషాలు నోటి లెక్కలు, తప్పితే మళ్లీ మొదటి నుంచి. లాలాజలం పరీక్షిస్తే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ బాగా పెరిగినట్టు తేలింది. ఇప్పటికీ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే పద్ధతుల్లో ఇదొకటి.

ఆ తర్వాత జరిగిన ప్రయోగాలు నేర్పేవాళ్లకు ఇంకా ముఖ్యమైనవి. అంతసేపూ ఖాళీ గదిలో మాట్లాడిస్తే కార్టిసాల్ అలా పెరగలేదు. మనుషుల్నే కూర్చోబెట్టి, వాళ్లను ఆదరంగా తల ఊపుతూ వినమంటే అప్పుడూ పెరగలేదు. అంటే నలుగురి ముందు నోరు తెరవడమే ప్రమాదమని శరీరం అనుకోవడం లేదు. 2004లో మనస్తత్వ పరిశోధకులు శాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ 208 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. ఎదుటివాళ్లు తనను తూకం వేస్తున్నారన్న భావన, ఫలితం తన చేతుల్లో లేదన్న భావన, ఈ రెండూ కలిసినచోటే కార్టిసాల్ అన్నిటికంటే ఎక్కువగా పెరిగింది.

ఇప్పుడు ఒక వక్తృత్వ పోటీ గుర్తుచేసుకోండి. కాగితం చూడకూడదు. గంట మోగేలోపు ముగించాలి. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు తలలు వంచుకుని మార్కులు వేసుకుంటుంటారు. ఒత్తిడి పుట్టించడానికి ప్రయోగశాలలు కూర్చిన సరంజామా దాదాపు అంతా అక్కడ ఉంటుంది. భయం పోగొట్టడానికని మనం పిల్లల్ని పంపేది అక్కడికే. పోటీలు వద్దని నేననను. ఈత వచ్చినవాళ్లకు పోటీ పెట్టొచ్చు. ఈత నేర్పడానికి మాత్రం పోటీ పెట్టకూడదు.

"పదిసార్లు ఎక్కితే భయం అదే పోతుంది" అన్న సలహా సగమే నిజం. భయపడే పరిస్థితిని మెట్టుమెట్టుగా ఎదుర్కొంటే భయం తగ్గుతుందని మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లోనే చికిత్సగా మలిచారు. 1966లో మనస్తత్వవేత్త గోర్డన్ పాల్ దాన్ని మాట్లాడాలంటే భయపడే కాలేజీ విద్యార్థుల మీదే పరీక్షించి మంచి ఫలితాలు చూపించారు. అందులో కీలకమైన మాట మెట్టుమెట్టుగా. భయానికి ఒక నడక ఉంది. పేరు పిలవకముందే మొదలవుతుంది, మొదటి నిమిషంలో శిఖరానికి చేరుతుంది, మాట్లాడుతూ ఉంటే చాలామందిలో దానంతటదే దిగుతుంది. శిఖరం మీద ఉన్నవాణ్ని కూర్చోమంటే వాడికి ఆ శిఖరమే గుర్తుంటుంది. దిగుడు ఉంటుందని ఎప్పటికీ తెలియదు. అలాంటి అనుభవం పదిసార్లు కలిగితే భయం పది రెట్లు గట్టిపడుతుంది. అందుకే తడబడినవాళ్లను మధ్యలో కూర్చోబెట్టడం నేర్పేవాళ్లు చేయగల అతి పెద్ద తప్పని గట్టిగా నమ్ముతాను.

మా తరగతిలో మొదటి రోజు ఎవరూ ఒంటరిగా లేవరు. ఇద్దరిద్దరు జతలుగా కూర్చుని అందరూ ఒకేసారి మాట్లాడతారు. గదంతా గోలగా ఉంటుంది, ఆ గోలే మొదటి రక్షణ. మన మాట వినేది ఒక్కరే. తర్వాత నలుగురి ముందు కూర్చుని, ఆ తర్వాత నిలబడి, చివరికి అందరి ముందు. విషయం చేతులకు బాగా తెలిసిందై ఉండాలి: ఊడిన సైకిల్ చెయిన్ ఎక్కించడం, షర్టు ఇస్త్రీ చేయడం లాంటిది. దేశభక్తి, పర్యావరణం అంటే మనసు వెంటనే ఎవరో రాసిన వాక్యాల కోసం వెతుకుతుంది. బట్టీ పట్టిన ఉపన్యాసం పూసల దండ లాంటిది, ఒక్కచోట తెగితే అన్నీ జారిపోతాయి. మొదటి రెండు వాక్యాలు నోటికి వచ్చి ఉంటే చాలు, మిగతాదానికి చేతిలో నాలుగు ముక్కలు రాసిన చిన్న అట్ట ఉంచుకోమంటాను.

వినేవాళ్లకు అంతకంటే కఠినమైన శిక్షణ ఉంటుంది. ఫోన్ లోపల పెట్టాలి. ముఖం చూడాలి. మార్కులు లేవు, "బాగా చెప్పారు" అనే పొడి మాటలూ లేవు. ఒకరు తమకు అర్థమైంది తిరిగి చెప్పాలి, ఇంకొకరు నిజంగా తెలుసుకోవాలనిపించిన ప్రశ్న ఒకటి అడగాలి. ప్రశ్న పడగానే మాట్లాడేవాళ్ల ధ్యాస తమ వణుకు మీద నుంచి చెప్పే విషయం మీదికి మళ్లుతుంది. ఎవరైనా మరిచిపోయి ఆగితే మాట అందించకూడదు, చూపు తిప్పుకోకూడదు, మనసులో అయిదు లెక్కపెట్టుకుంటూ ఊరుకోవాలి. వినేవాళ్లకు అన్నిటికంటే కష్టమనిపించేది ఈ చివరిదే. ఎదుటివాళ్ల మౌనాన్ని భరించడం మనలో ఎవరికీ అలవాటు లేదు.

ఇంకో చిన్న పని చేస్తాం. మీ కంగారు బయటికి ఎంత కనిపించి ఉంటుందని మాట్లాడినవాళ్లను పదికి ఇన్నని అడుగుతాను. అదే ప్రశ్న విన్నవాళ్లనూ అడుగుతాను. మాట్లాడినవాళ్లు వేసుకున్న అంకె దాదాపు ప్రతిసారీ పెద్దది. మన గుండె చప్పుడు మనకు వినిపించినంత గట్టిగా పక్కవాళ్లకు వినిపించదు. మనస్తత్వవేత్తలు కెనెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ఈ సంగతిని ముందే చెప్పి కొందరితో మాట్లాడించారు. చెప్పించుకోనివాళ్ల కంటే వాళ్లు మెరుగ్గా మాట్లాడారు. ఇంత తేలికైన మాట ఏ బడిలోనూ ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. దాని బదులు "చావు కన్నా ఉపన్యాసం అంటేనే జనానికి ఎక్కువ భయం" అని మొదలుపెట్టే శిక్షకులు ఉన్నారు. 1973 నాటి ఒక అమెరికన్ సర్వేలో భయాల జాబితా ఇచ్చి మీకున్నవి చెప్పమంటే ఉపన్యాసం అన్నవాళ్లు ఎక్కువయ్యారు, అంతే. 2012లో విద్యార్థులను అన్నిటిలోకీ పెద్ద భయం ఏదని విడిగా అడిగితే చావుదే పైచేయి అయింది. వణుకుతున్న మనిషికి నీ వణుకు చావు కన్నా పెద్దదని చెప్పడం ఏం సాయం?

భయం పూర్తిగా పోవాలన్న పట్టుదలా అక్కర్లేదు. ఉపన్యాసం ఎప్పుడూ గొప్ప భయంతోనే మొదలుపెడతానని ప్రాచీన రోమన్ వక్త సిసిరో రోము న్యాయస్థానంలో నిలబడి చెప్పుకున్నాడు. అయితే కొందరిలో అది తరగతి గదికి లొంగనంత తీవ్రంగా ఉంటుంది. చదువూ ఉద్యోగాలూ వదులుకునేదాకా వస్తే మానసిక వైద్యులను కలవాలి, దానికి చికిత్స ఉంది. గుండెదడ తగ్గించే మాత్రలు ఎవరో చెప్పారని వేసుకోవడం మాత్రం ప్రమాదం, ఆస్తమా ఉన్నవాళ్లకు మరీనూ.

మార్కుల గురించి ఒక మాట. నలుగురి ముందు మాట్లాడటం సాధన చేయడానికి 1924లో పుట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఎవరు ఎన్నిసార్లు "ఆ... ఊఁ..." అన్నారో లెక్కపెట్టే బాధ్యత ఒకరికి అప్పగిస్తారు. నిలదొక్కుకున్నవాళ్లకు అది పనికొస్తుంది. మొదటి నెలలోనే ఆ లెక్క మొదలుపెడితే మనిషి చెప్పే విషయం వదిలేసి తన నోటికి కాపలా కాస్తాడు. ధారాళతకు మార్కులు పెట్టే చోట నత్తి ఉన్న పిల్లల సంగతి ఎవరైనా ఆలోచించారా? వాళ్లు ఎంత మంచి విషయం చెప్పినా ముందే ఓడిపోయి ఉంటారు.

మొన్న ఒక బ్యాచ్‌లో యాభై దాటిన ఒకాయన మొదటిసారి అందరి ముందు నిలబడ్డారు. సైకిల్ చెయిన్ విషయమే ఎంచుకున్నారు. సగంలో ఆగిపోయారు. మెడ ఎర్రబడింది, అట్ట పట్టుకున్న చెయ్యి వణికింది. ఎనిమిది మంది ఆయన ముఖం చూస్తూ కూర్చున్నారు. అయిదు లెక్కపెట్టడం అయిపోయింది, ఇంకో అయిదూ అయిపోయింది. ఎవరూ కదల్లేదు.

"ఎక్కడున్నాను నేను?" అన్నారాయన చివరికి.

"చెయిన్‌ని కింది పళ్లకు తగిలించారండీ. పెడల్ ఎటు తిప్పాలో చెప్పలేదు ఇంకా" అంది ముందు వరసలోని అమ్మాయి.

"వెనక్కి" అన్నారాయన, అట్ట బల్ల మీద పెట్టి, రెండు చేతులతో గాల్లో తిప్పి చూపిస్తూ.